మందు వచ్చిన తరువాత ఎనిమిదేళ్లు

1996 జూలైలో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సుకు వెళ్లిన వైద్యులు ఒక మంచి కబురుతో తిరిగివచ్చారు. మూడు మందులు కలిపి వాడితే, రక్తంలో హెచ్ఐవీ పరీక్షకు అందనంతగా తగ్గిపోతోంది. అమెరికా, ఐరోపా ఆసుపత్రుల్లో మంచం పట్టినవాళ్లు కొద్ది నెలల్లోనే లేచి తిరిగి ఉద్యోగాలకు వెళ్లారు. అయినా ప్రపంచం మొత్తం మీద ఎయిడ్స్ మరణాలు అత్యధికంగా నమోదైంది 2004లో. ఆ ఒక్క ఏడాదే సుమారు 20 లక్షల మంది చనిపోయారు. మందు వచ్చాక కూడా ఎనిమిదేళ్లపాటు చావులు పెరుగుతూ పోవడానికి కారణం వైరస్‌లో కంటే మందు ధరలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు మూడు మందులు ఎందుకు? మధ్య ఆఫ్రికా చింపాంజీల నుంచి 20వ శతాబ్దపు తొలినాళ్లలో మనిషికి సోకి, కాంగోలోని నేటి కిన్షాసా నగరంలో వేళ్లూని, 1981లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు వచ్చిన అరుదైన న్యుమోనియా రూపంలో వైద్యుల కంటబడేదాకా గుట్టుగా పాకిన ఈ వైరస్, మన రోగనిరోధక వ్యవస్థకు ఆయువుపట్టయిన సీడీ4 కణాల్లోనే కాపురం పెడుతుంది. తన జన్యు సమాచారం ఉన్న ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి కణపు డీఎన్ఏలో అతికించుకుంటుంది. ఆ నకలు తీయడంలో దానికి తప్పులు ఎక్కువ, ఆ తప్పులే దానికి బలం. మందుకు లొంగని రకాలు వాటిలోంచే పుడతాయి. 1987లో వచ్చిన తొలి హెచ్ఐవీ మందు ఏజెడ్‌టీని ఒంటరిగా వాడినప్పుడు ఎక్కువ కాలం పనిచేయకపోవడానికి కారణం ఇదే. మూడు మందుల నుంచీ ఒకేసారి తప్పించుకోవాలంటే కావలసిన మార్పులన్నీ ఒకే వైరస్‌లో ఒకేసారి కుదరాలి, అది దాదాపు జరగని పని.

ఆ మూడింటి ఖరీదు ఏడాదికి 10 వేల నుంచి 15 వేల డాలర్లు. జబ్బు ఎక్కువగా ఉన్న ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో ఆ మాట వినడమే తప్ప కొనగలిగినవాళ్లు దాదాపు లేరు. చవక మందులకు దారి తీసే చట్టం చేసినందుకు దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద 39 మందుల కంపెనీలు కోర్టుకెక్కి, లోకమంతా దుమ్మెత్తిపోశాక 2001 ఏప్రిల్‌లో వెనక్కి తగ్గాయి. అయితే తప్పంతా కంపెనీలదే అనడం కూడా న్యాయం కాదు. అదే దేశపు అధ్యక్షుడు థాబో ఎంబెకీ ఎయిడ్స్‌కు హెచ్ఐవీయే కారణమా అని సందేహించారు. ఆయన ఆరోగ్య మంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్ తినమని సలహా ఇచ్చారు. మందులివ్వడంలో ఇలా జరిగిన జాప్యం వల్ల 3 లక్షల 30 వేల మందికి పైగా అకాలంగా చనిపోయారని హార్వర్డ్ పరిశోధకులు తరువాత అంచనా వేశారు.

ధర పతనం మన దేశంలో మొదలయింది. 2001 ఫిబ్రవరిలో ముంబయి మందుల కంపెనీ సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ మూడు మందుల చికిత్సను స్వచ్ఛంద సంస్థలకు ఏడాదికి 350 డాలర్లకు, అంటే రోజుకు ఒక డాలరు కన్నా తక్కువకే ఇస్తామన్నారు. ఆయన అంత మాట అనగలగడానికి వెనుక 1970 పేటెంట్ చట్టం ఉంది. మందు తయారుచేసే పద్ధతికే తప్ప మందుకు ఆ చట్టం పేటెంట్ ఇవ్వలేదు కనుక, అదే మందును మరో దారిలో తయారుచేసుకోవడానికి అడ్డు లేకపోయింది. ఇందులో అంతగా ఎవరూ పట్టించుకోని లాభం ఇంకొకటి ఉంది. ఆ చికిత్సలోని స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ అనే మందుల పేటెంట్లు మూడు వేర్వేరు బహుళజాతి కంపెనీల చేతుల్లో ఉండటంతో పడమటి దేశాల్లో ఆ మూడూ ఒకే మాత్రలోకి రాలేదు. ఇక్కడ వచ్చాయి. కొన్ని పరగడుపున, కొన్ని భోజనంతో, కొన్ని ఫ్రిజ్‌లో పెట్టి గుప్పెళ్లకొద్దీ మింగవలసిన చికిత్స పొద్దున ఒకటి, రాత్రి ఒకటిగా మారింది. కరెంటు లేని పల్లెలో ఈ తేడా ఎంతటిదో చెప్పనక్కరలేదు.

ఈ కథలో హైదరాబాదుకు పెద్ద పాత్రే ఉంది. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులు జీడిమెట్ల, పటాన్‌చెరుల్లో బల్క్ డ్రగ్ (మాత్రల్లోని అసలు మందు పదార్థం) కంపెనీలు పెట్టుకున్నారు (చుట్టుపక్కల చెరువులు ఆ చవకదనానికి తమ వంతు మూల్యం చెల్లించాయి, అది వేరే వ్యాసం). 2003లో క్లింటన్ ఫౌండేషన్ ఒప్పందంతో ధర ఏడాదికి 140 డాలర్ల దిగువకు వచ్చినప్పుడు, ఒప్పుకున్న కంపెనీల్లో ఇక్కడి మ్యాట్రిక్స్ ఒకటి. 2017లో సుమారు 75 డాలర్లకు దిగినప్పుడు అరబిందో ఒకటి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని ఉమ్మడి రాష్ట్రపు గోడలన్నీ అడిగిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వస్తే ఏం చేయాలన్న దానికి జవాబు ఆ గోడల మీద లేకపోయినా, ఊరి చివరి ఫ్యాక్టరీలో తయారవుతూ ఉంది. కేంద్రం 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఏఆర్‌టీ సెంటరులో, అంటే హెచ్ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రంలో, చేతికిచ్చే డబ్బా చిన్నది. అందులోని ఒక్కో మాత్రలో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రవిర్, 300 లామివుడిన్, 300 టెనోఫోవిర్, రోజుకు ఒకటి. క్రమం తప్పకుండా వేసుకుని, వైరస్ పరీక్షకు దొరకని స్థితి నిలుపుకొన్నవారి నుంచి లైంగికంగా ఇతరులకు హెచ్ఐవీ సోకదు. పెళ్లి సంబంధాల దగ్గర, అద్దె ఇళ్ల దగ్గర ఈ సంగతి తెలిసినవాళ్లు ఇంకా తక్కువే. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2024లో 4 కోట్ల 8 లక్షల మంది హెచ్ఐవీతో జీవిస్తుండగా, 3 కోట్ల 16 లక్షల మంది మందులు వాడుతున్నారు. ఆ ఏడాది మరణాలు 6 లక్షల 30 వేలు, కొత్తగా సోకినవారు 13 లక్షలు.

ఆ 13 లక్షలను తగ్గించగల మందు ఇప్పుడు వచ్చింది. లెనకపవిర్‌ను హెచ్ఐవీ లేనివారికి, అది సోకకుండా, ఆరు నెలలకొకసారి పొట్ట చర్మం కింద సూదిగా ఇస్తారు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన పరీక్షలో దాన్ని తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్లకు పైమాటే. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో 2027 నుంచి 120 దేశాలకు ఏడాదికి సుమారు 40 డాలర్లకు ఇస్తామని 2025లో ప్రకటించాయి. ఆ 120లో బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ లేవు. ఇదే మందు మీద జరిగిన రెండో పెద్ద పరీక్షకు సూది వేయించుకున్న వలంటీర్లలో ఆ నాలుగు దేశాలవారూ ఉన్నారు.