ఒళ్ళు వంచక రోడ్డున పడ్డారా? ఇల్లు లేని మనుషుల గురించి అపోహలు - వాస్తవాలు

రాత్రి పదకొండు దాటాక విజయనగరం రైల్వే స్టేషన్ ముందు, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల, అరసవల్లి గుడి దారిలో అట్ట పరుచుకుని పడుకునేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళ గురించి ఊళ్ళో అనుకునే మాటలు కొన్నే. ఒళ్ళు వంచరు, తాగుతారు, పిచ్చోళ్ళు, చెప్పినా వినరు. నిరాశ్రయులతో పనిచేసే మాకు ఈ మాటలు రోజూ చెవిన పడుతుంటాయి. "వాళ్ళ బాధ్యత వాళ్ళకుండక్కర్లేదా?" అని మంచి మనసున్నవాళ్ళే అడుగుతారు. ఉండాలి, ఉంటుంది కూడా. కానీ కంటినిండా నిద్ర, వేళకి మందు, చేతిలో కార్డు, చెప్పుకోడానికో అడ్రసు, ఈ నాలుగూ దొరికాకే మనిషి తన బాధ్యత తాను మోయగలడు. అవి ఇవ్వకుండా "ముందు నువ్వు మారు, తర్వాత చూద్దాం" అంటే ఏ పనీ ముందుకి సాగదు.

అపోహ: కష్టపడేవాడికి ఇల్లు లేకపోవడమేంటి?

వాస్తవం: రోడ్డు మీద పడుకునేవాళ్ళలో ఎక్కువమంది పగలు పనికెళ్ళేవాళ్ళే. మార్కెట్లో మూటలు దింపే కళాసీలు, అడ్డా కూలీలు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్ళు, పెళ్ళిళ్ళ సీజన్లో కేటరింగ్ పనికి వెళ్ళేవాళ్ళు, చిత్తుకాగితాలు ఏరేవాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద ఇల్లు లేనివాళ్ళు 17.7 లక్షలు. అవే లెక్కల్లో బిచ్చగాళ్ళు, దేశదిమ్మరులుగా నమోదైనవాళ్ళు 4.13 లక్షలు. వాళ్ళలో ఒక్కరికీ ఇల్లు లేదనుకున్నా, మిగతా నాలుగింట మూడొంతుల పైచిలుకు మంది బిచ్చమెత్తి బతకడం లేదన్నమాట.

ఓ లెక్క వేసి చూద్దాం. కూలి రోజుకి 500, పని నెలకి 14 రోజులు దొరికిందనుకుంటే చేతికొచ్చేది 7,000. వండుకునే చోటు లేదు కాబట్టి తిండికి రోజుకి 100 చొప్పున 3,000. అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకే భోజనం ఉంది నిజమే. కానీ ఆదివారం సెలవు, పని దూరంగా పడిన రోజు ఆ వేళకి అందదు. స్నానం, మరుగుదొడ్డి, టీ కలిపి రోజుకి 30 అంటే 900. ఫోన్ రీచార్జి 200. ఊళ్ళో తల్లికో పిల్లలకో పంపేది 1,500. మిగిలేది 1,400. రెండు వేల అద్దె గదికి రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి ఒక్కసారే 6,000 కావాలి. నాలుగైదు నెలలు పైసా కదపకుండా దాచాలి, అదీ జేబులో పెట్టుకుని ఆరుబయట పడుకుంటూ. ఈలోగా ఐదు రోజులు జ్వరమొస్తే 2,500 కూలి పోయినట్టే. ఎలాగో డబ్బు కూడబెట్టినా, ఒంటరి మగవాడికి గది ఇచ్చే ఇంటి ఓనరు దొరకాలి కదా.

దీనికి నిద్ర కూడా తోడవుతుంది. ప్లాట్‌ఫామ్ మీద పడుకున్నవాణ్ణి రాత్రి రెండుసార్లయినా లేపేస్తారు. పొద్దున్నే అడ్డాలో మేస్త్రీ చురుగ్గా కనిపించినవాడినే పిలుస్తాడు. కళ్ళు ఎర్రబడి తూలుతున్నవాణ్ణి తాగుబోతు అనుకుని వదిలేస్తాడు.

మన జిల్లాల నుంచి వలస వెళ్ళడానికి కారణాల్లోనూ సోమరితనం కనిపించదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటల్ని నేలమట్టం చేసింది. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళూ పొట్ట ఆగదు. అలా ఊరు వదిలి ఎక్కడో భవన నిర్మాణంలో నడుమో కాలో విరిగి తిరిగొచ్చినవాడికి అప్పుంటుంది, ఒంట్లో పనిచేసే సత్తువ ఉండదు.

అపోహ: ఆధార్ కూడా దాచుకోలేనివాడికి ఏ పథకం ఇస్తాం?

వాస్తవం: కాగితాలు పోవడం అజాగ్రత్త వల్ల కాదు. తలకింద మూట దొంగల పాలవుతుంది, వానకి నానుతుంది, లేదంటే పండక్కో పెద్దమనుషుల రాకకో వీధులు ఖాళీ చేయించేటప్పుడు చెత్తతో పాటు పోతుంది. ఈ మూడోది ఎక్కువ నష్టం చేస్తుంది. పాలిథిన్ కవరులో మడతపెట్టిన ఆసుపత్రి చీటీ, ఆధార్ జిరాక్సు, కూతురి ఫోటో, ఎవరిదో ఫోన్ నంబరు రాసిన సిగరెట్ పెట్టె ముక్క: ఆ మనిషిని మళ్ళీ నిలబెట్టే దారులన్నీ ఆ మూటలోనే ఉంటాయి. మూట జోలికి ఎవరూ పోకూడదు. స్నానం చేయించేటప్పుడు కూడా కంటికి కనిపించేలా పక్కనే ఉంచాలి.

కార్డు పని వరసగా ఇలా చెయ్యాలి. పాత ఆధార్ ఉందేమో ముందు చూడాలి. నంబరు గుర్తులేక కొత్తగా నమోదు చేయిస్తే, పాతది ఉన్నప్పుడు డూప్లికేట్ అని తిరస్కరణ వస్తుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. నిజానికి అది మంచి కబురు. ఆ మనిషి పేరు, ఊరు ఎక్కడో నమోదై ఉన్నాయని అర్థం. ఆ రసీదుతో ఆధార్ ప్రాంతీయ కార్యాలయాన్ని అడిగి పాత నంబరు రాబట్టుకోవచ్చు. సిమెంటు పని, గిన్నెలు తోమే పని చేసేవాళ్ళకి వేలిముద్రలు అరిగిపోతాయి. కనుపాప గుర్తింపుతో ప్రయత్నించమని ఆపరేటర్‌ని గట్టిగా అడగాలి. అసలు కార్డే లేనివాళ్ళకి, గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకులు ఆధార్ సంస్థ నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం సరిపోతుంది.

ఓటు విషయంలో మన రూలు ఇంకా ఉదారంగా ఉంది. ఇల్లు లేనివాళ్ళు ఓటరు నమోదుకిచ్చే ఫారం 6లో తాము పడుకునే చోటే అడ్రసుగా రాయొచ్చు, రుజువు కాగితం అక్కర్లేదు. బీఎల్‌ఓ (పోలింగ్ బూత్ స్థాయి ఎన్నికల అధికారి) ఒకటికి మించి రాత్రులు వెళ్ళి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడని చూసుకుంటే చాలు.

అపోహ: షెల్టర్ ఉన్నా రారు, వాళ్ళకి రోడ్డే ఇష్టం

వాస్తవం: లక్ష పట్టణ జనాభాకి ఒక వసతి గృహం ఉండాలనీ, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలనీ సుప్రీంకోర్టు ఆదేశాలున్నాయి. ఆ లెక్కన రెండు లక్షలు దాటిన విజయనగరానికి కనీసం రెండు ఉండాలి. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లో మనిషికి 50 చదరపు అడుగుల చోటు అని రాశారు.

రానివాళ్ళని కారణం అడిగితే చెబుతారు. కళాసీకి అర్ధరాత్రి దాటాక లారీ వస్తుంది, పది గంటలకే గేటు వేస్తే అతనికి ఆ షెల్టర్ ఉన్నా లేనట్టే. మొగుడూ పెళ్ళాల్ని వేరే వేరే హాళ్ళలో పడుకోమంటే వాళ్ళు రోడ్డు మీదే కలిసి ఉంటారు. తోపుడుబండి పెట్టుకోడానికి చోటు ఉండదు. కాలు లేనివాడు మేడ మీదికి ఎక్కలేడు. అడ్డాకి మూడు కిలోమీటర్ల దూరమైతే పొద్దున్న పని పోతుంది. వీటికి మందు తేలికే: మనిషికో తాళం పెట్టె, రాత్రి పనివాళ్ళ పేర్ల జాబితా గేటు దగ్గర, కింది అంతస్తులో ఓ గది, కుటుంబాలకి ఓ గది. ఇవి పెట్టిన చోట మంచాలు ఖాళీగా ఉండవు.

పిలిచే తీరు కూడా ముఖ్యం. మొదటి రాత్రే వ్యాన్ ఎక్కమంటే ఎక్కరు. ఊరి బయట దింపేస్తారని భయం. మూడు నాలుగు రాత్రులు అదే మనిషి అదే వేళకి వచ్చి, కింద కూర్చుని, "తిన్నావా అన్నా?" అని పలకరించి వెళ్ళాలి. తర్వాత వాళ్ళే అడుగుతారు.

అపోహ: తాగుడు మానితేనే లోపలికి రానివ్వాలి

వాస్తవం: ఈ నియమం ప్రాణం తీస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, జ్వరం పెరిగే దశ వస్తే అది ఎమర్జెన్సీ, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. మానడం డాక్టరు పర్యవేక్షణలో, మందులతో, బి1 విటమిన్‌తో జరగాలి. షెల్టర్‌లో పెట్టదగిన నియమం ఒకటే: లోపల తాగకూడదు, గొడవ చెయ్యకూడదు. తాగి వచ్చి నిశ్శబ్దంగా పడుకునేవాణ్ణి పడుకోనివ్వాలి. తాగుడు వల్ల రోడ్డున పడ్డవాళ్ళు ఉన్నారు, కాదనం. రోడ్డున పడ్డాక చలికీ దోమలకీ భయానికీ తాగుడు మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు.

అపోహ: మతి చెడినవాళ్ళు ప్రమాదకరం, దూరంగా తరిమెయ్యాలి

వాస్తవం: వాళ్ళు కొట్టడం కన్నా దెబ్బలు తినడమే ఎక్కువ. విజయనగరం జంక్షన్‌లో హౌరా-చెన్నై లైను, రాయ్‌పూర్ లైను కలుస్తాయి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బెంగాల్, బీహార్ నుంచి మందులు ఆగిపోయి రైలెక్కినవాళ్ళు ఇక్కడ దిగుతారు. భాష రాక ఊరుకుంటే మనం మూగవాడు అనేసుకుంటాం.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వందో సెక్షన్ చూడండి. తన్ను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మానసిక రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు లేని మనిషైతే మిస్సింగ్ ఎఫ్ఐఆర్ కట్టి కుటుంబాన్ని వెతికే పూచీ స్టేషన్ హౌస్ ఆఫీసరుది. 112కి ఫోన్ చేసినప్పుడు సెక్షన్ నంబరు చెప్పి అడగండి, మాట తీరు మారుతుంది. దగ్గర్లో పెద్ద మానసిక వైద్యశాల విశాఖ చినవాల్తేరులో ఉంది. సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు.

చేరిన మొదటి రోజే జుట్టు కత్తిరించి, పట్టుబట్టి స్నానం చేయించి, ముందు-తర్వాత ఫోటోలు పెట్టడం ఈమధ్య ఎక్కువైంది. అది దాడిలా తోస్తుంది ఆ మనిషికి, మర్నాడే పారిపోతాడు. మొదట తిండి. చాలా రోజులు కడుపు కాలినవాడికి బిర్యానీ పొట్లం పెట్టకూడదు, ఒక్కసారిగా ఎక్కువ తింటే ఒంట్లో లవణాలు తారుమారై గుండెకే ముప్పు. పల్చటి చోడి (రాగి) అంబలో గంజో ఒక గ్లాసు, రెండు గంటలాగి ఇంకో గ్లాసు, అలా రెండు మూడు రోజుల్లో అన్నంలోకి రావాలి. బాగా చిక్కిపోయి ఉంటే ఆసుపత్రిలోనే మొదలుపెట్టాలి. ఆ తర్వాత కాళ్ళు చూడాలి. వేళ్ళ సందుల్లో, మడమ పగుళ్ళలో పురుగు పట్టిన పుళ్ళు ఉంటాయి. ఫినాయిల్, కిరసనాయిలు పొయ్యకండి, డ్రెస్సింగ్‌కి తీసుకెళ్ళండి.

మందులు పనిచెయ్యడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా "మీ ఊరేది?" అని రోజూ గుచ్చిగుచ్చి అడిగితే ఏదో ఒక పేరు చెప్పేస్తారు. అడగాల్సినవి వేరు: మీ సంత ఏ వారం? రైలు దిగి బస్సా, ఆటోనా? బడి పక్కన ఏముంది? చెరువా, ఏరా? ఏ పండక్కి ఊరంతా కలుస్తారు? జవాబుల్ని వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసి ఆ భాష వచ్చినవాళ్ళకి వినిపిస్తే, యాసని బట్టే జిల్లా చెప్పేస్తారు. తర్వాత ఆ చుట్టుపక్కల పోలీస్ స్టేషన్లకి ఫోన్లు.

అపోహ: కొడుకులుండగా ముసలమ్మ రోడ్డు మీదుందంటే తప్పంతా కొడుకులదే

వాస్తవం: కొన్నిచోట్ల అవును. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007 ప్రకారం వదిలేసినవారికి మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో పోషణ ఖర్చు అడగొచ్చు, వకీలు అక్కర్లేదు. దారి తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చెయ్యొచ్చు. కానీ కొడుకు చెన్నైలో తాపీ పనిలో ఉండి, కోడలు చంటిపిల్లలతో అద్దెకొంపలో ఉన్న చోట, ముసలమ్మే "నేను లేకపోతే వాళ్ళు తింటారు" అనుకుని బయటపడుతుంది. పేరడిగితే కొడుక్కి చెడ్డపేరొస్తుందని అబద్ధం చెబుతుంది. అలాంటి అమ్మని ముందే కేసు పెట్టమంటే మాట్లాడ్డమే మానేస్తుంది. ముందు పింఛను చూడండి. వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకి 4,000. ఒకట్రెండు నెలలు అందుకోకపోతే బకాయితో కలిపి తీసుకోవచ్చు, వరసగా మూడు నెలలు దాటితే ఆగిపోతుంది. కాబట్టి ఊరు, అక్కడి గ్రామ లేదా వార్డు సచివాలయం కనుక్కోవడమే మొదటి వారం పని. నాలుగు వేలు చేతికొచ్చాక ఇంటి తలుపులు తెరుచుకున్న సందర్భాలు తక్కువేం కావు.

అపోహ: దుప్పటి, అన్నం పొట్లం ఇస్తే మన వంతు అయిపోయినట్టే

వాస్తవం: అరసవల్లిలో ఆదివారం, పైడితల్లమ్మ గుడి దగ్గర మంగళవారం పొట్లాలు మిగిలిపోతాయి, మిగతా రోజులు కడుపు మాడుతుంది. సంక్రాంతికి మూడేసి దుప్పట్లు వస్తాయి, దాచే చోటు లేక అమ్మేస్తారు. అందులో తప్పేమీ లేదు. నీళ్ళు చొరని జిప్ కవరు, లామినేషన్ చేయించిన ఆధార్ నకలు, చెప్పులు, తువ్వాలు, సబ్బు, ఆడవాళ్ళకి ప్యాడ్లు, బీపీ మందు నెలకి సరిపడా: ఇవి వాడతారు.

అపోహ: ఇంటికి చేర్చేస్తే కథ ముగిసింది

వాస్తవం: ఇక్కడే ఎక్కువగా తిరగబెడుతుంది. నెలకి తక్కువ కాకుండా మందులు, డాక్టరు చీటీ, ఆ ఊరికి దగ్గర్లో మందు దొరికే ప్రభుత్వాసుపత్రి పేరు, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు లేకుండా పంపితే ఎక్కువకాలం నిలవరు. నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ మీదున్నవాళ్ళకి తర్వాతి తేదీ కాగితం మీద పెద్దక్షరాలతో, వాళ్ళ భాషలో రాసివ్వాలి. వెళ్ళేవాళ్ళతో పాటు ఒక మనిషి వెళ్ళి, ఇంటివాళ్ళకి మూడు విషయాలు చెప్పాలి: ఇది దెయ్యం కాదు, నయమైందని మందు ఆపకూడదు, నిద్ర తగ్గి తనలో తాను మాట్లాడుకోవడం మొదలైతే ఫోన్ చెయ్యాలి. మొదటి నెల వారానికోసారి మనమే చెయ్యాలి. ఫోన్ ఎత్తకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తని అడగాలి. ఇల్లు వద్దనేవాళ్ళని, ముఖ్యంగా దెబ్బలు తిని బయటికొచ్చిన ఆడవాళ్ళని, పట్టుబట్టి పంపకూడదు. వాళ్ళ కోసం మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.