కన్సోల్‌లో తెలుగు డబ్బాలుగా ఎందుకు కనిపిస్తుంది

కడపలో కాలేజీ ల్యాబ్ పిల్లలు డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులో పెట్టుకుని మురిసిపోతారు, డెస్క్‌టాప్ అంతా బాగానే ఉంటుంది, తీరా కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి కన్సోల్ అనే, అక్షరాలు మాత్రమే కనిపించే నల్ల తెర మీదికి వస్తే "ఏంది సార్, అన్నీ డబ్బాలే!" అంటారు. వెంటనే ఫాంట్ల వేట మొదలు. అది దండగ పని.

దీని మూలం చాలా పాతది. 1991 చివర్లో వచ్చిన లినక్స్ 0.11లో కీబోర్డ్ ఏదో కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) కోడ్‌లోనే రాసి ఉండేది, అదీ ఫిన్లాండ్ కీబోర్డ్, ఎందుకంటే లినక్స్ రాసిన లైనస్ ఉండేది అక్కడే. అమెరికా కీబోర్డ్ కావాలంటే ఒక లైను మార్చి కెర్నల్‌ను మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే. తర్వాత కీబోర్డ్ మార్చే లోడ్‌కీస్, ఫాంట్ మార్చే సెట్‌ఫాంట్ వచ్చి ఆ బాధ తప్పించాయి, బూట్ అయ్యేటప్పుడు వాటిని నడిపే స్క్రిప్టులు వచ్చాయి. ఇప్పుడు ఫెడోరా, ఆర్చ్ లాంటివాటిలో సిస్టమ్‌డీ (బూట్ అయ్యేటప్పుడు మిగతావాటిని నడిపే ప్రోగ్రామ్) ఇందుకోసం వీకన్సోల్ కాన్ఫ్ ఫైలు చదువుతుంది, డెబియన్‌లో ఆ పని కన్సోల్-సెటప్‌ది.

కీబోర్డ్ సంగతి అలా తేలింది గానీ తెర మాత్రం 1987 నాటి వీజీఏ అనే డిస్‌ప్లే పద్ధతి దగ్గరే ఆగిపోయింది. అందులో ఫాంట్‌కు 256 గుర్తులు, లేదా రంగుల్లో సగం వదులుకుంటే 512, ఒక్కో గుర్తుకు ఒక్కో గడి, అంతే. తెరను చుక్కచుక్కగా గీసే ఫ్రేమ్‌బఫర్ వచ్చాక కూడా కన్సోల్ ఈ 512 హద్దు దాటలేదు. మన 'స్త్రీ' చూడండి, యూనికోడ్‌లో ఆరు కోడ్లు కలిస్తే ఒక్క అక్షరం. వాటిని కలిపి ఒత్తులు పేర్చే పని కన్సోల్‌కు అసలు రాదు, ఎంత మంచి ఫాంట్ ఇచ్చినా సరే. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో కూడా తెలుగు గ్రాఫికల్ పద్ధతిలోనే దొరుకుతుంది, టెక్స్ట్ పద్ధతిలో ఉండదు.

కాబట్టి లాగిన్ అవగానే నడిచే ప్రొఫైల్ ఫైల్లో, టెర్మ్ విలువ లినక్స్ అని ఉంటే, అంటే కన్సోల్‌లో ఉంటే, భాషను సీ.యూటీఎఫ్-8కు (అంటే ఇంగ్లిష్ సందేశాలకు) మార్చేలా రెండు లైన్లు రాసుకోండి, డెస్క్‌టాప్ తెలుగులోనే ఉంటుంది. కీబోర్డ్ ఫైల్లో లేఅవుట్‌గా ఒక్క 'ఇన్' (ఇండియా) పెట్టి తెలుగు వేరియంట్ ఇస్తే, లాగిన్ దగ్గర ఇంగ్లిష్ అక్షరం పడక బిక్కమొహం వేయాల్సి వస్తుంది. ముందు 'యూఎస్', తర్వాత 'ఇన్', మార్చుకోవడానికి ఆల్ట్ షిఫ్ట్. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసినవాళ్లయితే బూట్ మొదట్లో లోడయ్యే ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైల్ సిస్టమ్‌ను కూడా అప్‌డేట్ చేయాలి, పాస్‌వర్డ్ అడిగే సమయానికి చేతిలో ఉండేది అందులోని కీబోర్డే.