పెడల్ బోటే కదా, జాకెట్ ఎందుకన్నా? (అపోహలు - వాస్తవాలు)

ఆదివారం సాయంత్రం దుర్గం చెరువైనా, వేసవి సెలవుల్లో ఊటీ లేక్ అయినా, జెట్టీ దగ్గర ఈ ప్రశ్న వినపడకుండా ఒక్క గంట గడవదు. "స్పీడ్ బోట్ అంటే సరే, పెడల్ బోటుకి కూడా జాకెట్ తప్పదా అన్నా?" తప్పదంటే భుజాలకి తగిలించుకుంటారు, బకిల్స్ మాత్రం వేలాడుతుంటాయి. యాభై మీటర్లు పోగానే ఒక్కొక్కరూ విప్పి సీటు కింద పెట్టేస్తారు. ఫొటోలో బాగోదట. అదే కుటుంబంలో ఒక పెద్దావిడ బోటు కాస్త ఊగితే చాలు, "తిరగబడిపోతుందేమో నాయనా" అని కళ్లు మూసుకుని కూర్చుంటారు. భయపడాల్సిన చోట ధీమా, అక్కర్లేని చోట భయం.

అపోహ: పెడల్ బోటు మునగదు, జాకెట్ ఊరికే రూల్ కోసం.

మొదటి సగం చాలావరకు నిజమే. ఫైబర్‌దైనా, ప్లాస్టిక్ మౌల్డ్‌దైనా పెడల్ బోటు అడుగు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. లోపల గాలి గదులో ఫోమో ఉంటాయి కాబట్టి చిన్న చిల్లు పడినా రాయిలా అడుక్కి పోదు. అయితే ఇక్కడ అసలు ప్రమాదం బోటు మునగడం కాదు, మనిషి బోట్లోంచి పడటం. సీట్లు మార్చుకుందామని ఇద్దరు ఒకేసారి లేస్తారు. సెల్ఫీలో అందరూ పడాలని నలుగురూ ఒకే పక్కకి ఒరుగుతారు. నీళ్లలో జారిన చెప్పు కోసం ఒకరు అంచు మీదకి వంగితే, వాళ్లని పట్టుకోవడానికి ఇంకొకరు అటే లేస్తారు. కూర్చున్నంతసేపూ మన బరువు కిందే ఉంటుంది కాబట్టి బోటు ఎంత ఊగినా మళ్లీ తిన్నగా అవుతుంది. లేచి నిలబడ్డామంటే ఆ బరువంతా పైకి చేరుతుంది. అప్పుడు అదే ఊపు మనిషిని బయటికి విసిరేస్తుంది. బోటుకి ఏమీ కాదు.

పడ్డాక ఎంత టైముంటుందో లెక్క వేద్దాం. ఈత రానివాళ్లు నీళ్ల పైన పెనుగులాడగలిగేది చాలాసార్లు 20 నుంచి 60 సెకన్లు. సినిమాల్లోలా కేకలు వేస్తూ చేతులూపడం ఉండదు. నోరు నీటి పైకి వచ్చిన కాసేపూ ఊపిరి తీసుకోవడానికే సరిపోదు, ఇక అరిచేదెక్కడ? ఇప్పుడు రెస్క్యూ బోటు సంగతి. మీరు 500 మీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. చూసినవాడు కేకేయాలి, డ్రైవర్ తాడు విప్పాలి, ఇంజన్ స్టార్ట్ కావాలి. ఆ తర్వాత గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వచ్చినా ప్రయాణానికే 90 సెకన్లు. జాకెట్ ఉన్నది ఈ రెండు లెక్కల మధ్య తేడాని పూడ్చడానికే.

"నాకు ఈత వచ్చన్నా" అనేవాళ్లు ఉంటారు. వచ్చి ఉండొచ్చు. ఆ ఈత నిక్కరేసుకుని బావిలోనో పూల్‌లోనో నేర్చుకున్నది. ఇక్కడ జీన్స్, బూట్లు, జేబులో ఫోన్, కాళ్లకి చుట్టుకునే గుర్రపుడెక్క వేళ్లు. పడేటప్పుడు తల బోటు అంచుకి తగిలితే ఏ ఈతా గుర్తుకురాదు. పైగా ఈత వచ్చినాయన చేసే మొదటి పని, పడ్డ ఇంకొకరిని కాపాడబోవడం. భయంలో ఉన్నవాళ్లు మెడకి చుట్టుకుంటే ఇద్దరూ కిందికి పోతారు. కాపాడేవాడికే జాకెట్ ఎక్కువ అవసరం.

"ఇక్కడ నడుము లోతే కదా" అనేది ఇంకో మాట. ఒడ్డు దగ్గర నడుము లోతే ఉంటుంది. మన చెరువుల్లో పూడిక తీసినచోట్ల, మట్టి తవ్విన చోట్ల నాలుగడుగుల తేడాలో గుంతలుంటాయి. గుంత లేకపోయినా అడుగున బురద. కాలు ఆనించి నిలబడదామంటే పిక్కల దాకా దిగబడుతుంది, లాక్కునేలోపు నీళ్లు మింగుతారు.

వడోదర ఊరి మధ్యలోని హర్ణీ చెరువులో 2024 జనవరి 18న స్కూలు పిల్లల విహారయాత్ర బోటు తిరగబడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అది పెడల్ బోటు కాదు. కానీ అది గోదావరీ కాదు, సముద్రమూ కాదు, ఊళ్లో చెరువు. పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు.

ఇక జాకెట్ తొడుక్కునే పద్ధతి. సగం మంది తప్పు చేసేది ఇక్కడే. పెద్ద మనిషిని తల పైకి ఉండేలా తేల్చడానికి నాలుగైదు కిలోల తేలుడు చాలు, ఎందుకంటే మిగతా ఒంటిని నీళ్లే మోస్తాయి. మామూలు జాకెట్‌కి ఆ శక్తి ఉంటుంది. చిక్కల్లా అది మనిషిని పట్టుకుని ఉండటంలోనే. నీళ్లు జాకెట్‌ని పైకి తోస్తాయి, ఒళ్లు కిందికి జారుతుంది. బకిల్స్ పెట్టకపోతే జాకెట్ చెవుల దాకా వచ్చేస్తుంది, చేతులు పైకి లేస్తాయి, మనిషి కింది నుంచి జారిపోతాడు. ఖాళీ జాకెట్ మాత్రం చక్కగా తేలుతూ ఉంటుంది. సీటు కింద పెట్టినదాని గురించి చెప్పక్కర్లేదు. నీళ్లలో పడ్డాక వేసుకుందాంలే అనుకునేవాళ్లు, ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు నేలకి ఆనకుండా ఒకసారి షర్టు తొడుక్కుని చూడండి.

బకిల్స్ అన్నీ పెట్టుకుని, కింది పట్టీ నుంచి మొదలుపెట్టి పైకి బిగించాలి. తర్వాత పక్కవాళ్లని జాకెట్ రెండు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగమనండి. గడ్డం దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే, ఇంకా బిగించాలి, లేదా చిన్న సైజు అడగాలి. లోపలి ఫోమ్‌ని వేళ్లతో నొక్కితే మళ్లీ పొంగాలి. అప్పడంలా చదునైపోయినది, ఎండకి రంగు వెలిసి పట్టీ పీచులు లేచినది, బకిల్ పన్ను విరిగినది ఇస్తే మొహమాటపడకుండా వెనక్కిచ్చి ఇంకోటి తీసుకోండి. అరువు అడిగినట్టు ఫీలవ్వక్కర్లేదు, టికెట్ డబ్బుల్లో అదీ ఉంది.

చీర కొంగు, చున్నీ జాకెట్ లోపలికి దోపండి. వేలాడితే పెడల్ రాడ్‌కి చుట్టుకుంటుంది. ఊటీ, కొడైకెనాల్ చలిలో స్వెటర్ మీద జాకెట్ వేసుకోవాలి, జాకెట్ మీద స్వెటర్ కాదు. హ్యాండ్‌బ్యాగ్ జాకెట్ మీదుగా అడ్డంగా వేసుకోవద్దు, కాళ్ల దగ్గర పెట్టండి.

పిల్లల విషయంలో మాత్రం ఒక్క అడుగు కూడా తగ్గకండి. జాకెట్ లేబుల్ మీద కిలోలు రాసి ఉంటాయి, పిల్లాడి బరువు చూసి తీసుకోండి, వయసు చూసి కాదు. తల వెనక కాలర్, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే పిల్లల జాకెట్. ఆ పట్టీ పెట్టకపోతే పిల్లలు ఇంకా తేలిగ్గా జారిపోతారు. పెద్దవాళ్ల జాకెట్‌ని చిన్న పిల్లలకి వేసి చున్నీతో చుట్టి కట్టడం కనిపిస్తూ ఉంటుంది. అది పనికిరాదు. సరైన సైజు లేదంటే ఆ పూట పిల్లాడు ఎక్కకూడదంతే. గట్టు మీద ఐస్‌క్రీం కొనివ్వండి, ఐదు నిమిషాల్లో మర్చిపోతాడు.

అపోహ: ఒళ్లో పిల్లాడు లెక్కలోకి రాడు.

వస్తాడు. రెండు సీట్ల బోటంటే ఇద్దరికి, నాలుగు సీట్లదంటే నలుగురికి. ఒళ్లో కూర్చున్న పిల్లాడి బరువు సీటుకి పైన ఉంటుంది, అదే బోటుని ఊపేది. పైగా పెడల్ తొక్కే మోకాలు వాడికి తగులుతుంటుంది, వాడు కదులుతుంటాడు. మనిషికో సీటు, సీటుకో జాకెట్.

బరువులు ఎలా సర్దుకున్నారన్నది కూడా ముఖ్యమే. 90 కిలోల నాన్న, 35 కిలోల కూతురు పక్కపక్కన కూర్చుంటే బోటు ఒరుగుతుంది, ఎంత తొక్కినా ఒక పక్కకే లాగుతుంది. నాలుగు సీట్ల బోటులో బరువైనవాళ్లు ఎదురు మూలల్లో కూర్చుంటే బాగుంటుంది. వెనక బరువెక్కువైతే నీళ్లు తోసే చక్రం లోతుగా మునిగి పెడల్ బరువెక్కుతుంది. ముందు ఎక్కువైతే చక్రం రేకులు గాల్లో తిరిగి, నీళ్లు చిమ్మడమే తప్ప బోటు కదలదు. "ఈ బోటు పాడైందన్నా, మార్చండి" అనే ఫిర్యాదుల్లో కొన్ని సీట్లు మారితే తీరిపోయేవే. ఆ మార్చుకోవడం జెట్టీ దగ్గరే, నీళ్ల మధ్యలో కాదు.

అపోహ: వెళ్లడం ఎంత తేలికో రావడం కూడా అంతే.

జనం కాళ్లూ, డబ్బులూ పోగొట్టుకునేది ఇక్కడ. పెడల్ బోటు మామూలుగా గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు పోతుంది. గాలి వాటున బయల్దేరితే సుఖంగా సాగిపోతారు, వెనక్కి తిప్పాక గాని తెలియదు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. హంస మెడ, పైన టాప్ ఉన్న బోట్లు ఇంకా కష్టం, మెడే తెరచాపలా పనిచేస్తుంది. ఫొటోకి హంస బోటు బాగుంటుంది, గాలిలో మాత్రం టాప్ లేని సాదా బోటే మేలు.

ఎక్కేముందు జెట్టీ మీది జెండానో, నీటి మీది అలల వాటాన్నో చూడండి. మొదట గాలికి ఎదురు వెళ్లండి, అలసిపోయాక గాలే తీసుకొస్తుంది. ఎటూ కుదరక గాలి వాటునే పోవాల్సి వస్తే, అరగంట టికెట్‌లో పదో నిమిషానికే తిరగండి, పదిహేనో నిమిషానికి కాదు. వేసవి సాయంత్రాలు మన దగ్గర పడమర మబ్బు నల్లగా లేచి గాలి చల్లబడిందంటే ఈదురుగాలికి పదిహేను నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. ఉరుము వినపడితే వెంటనే ఒడ్డుకి, టికెట్ టైము ఎంత మిగిలినా సరే.

గాలికి కొట్టుకుపోయి ఒడ్డు దగ్గరి గుర్రపుడెక్కలో ఇరుక్కుంటే, ముందుకి బలంగా తొక్కకండి. తొక్కినకొద్దీ వేళ్లు చక్రానికి బిగుసుకుంటాయి. వెనక్కి అరచుట్టు, ముందుకి పావుచుట్టు, అలా వదులు చేయండి. చక్రంలో చెయ్యి పెట్టొద్దు, తోద్దామని కిందికి అస్సలు దిగొద్దు. చేతులు రెండూ పైకెత్తి ఊపితే బోటొచ్చి తాడు కట్టి లాక్కొస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, రోజూ ఎవరో ఒకరిని లాక్కురావాల్సిందే.

హ్యాండిల్ తిప్పినా బోటు తిరగట్లేదని కంగారు పడేవాళ్లకి: చుక్కాని పనిచేయాలంటే బోటు కదులుతూ ఉండాలి. ఆగిపోయిన బోటులో హ్యాండిల్ ఎటు తిప్పినా ఒకటే. ముందు నాలుగు చుట్లు తొక్కి అప్పుడు తిప్పండి. వెనక్కి తొక్కుతుంటే బోటు తోక మీరనుకున్న వైపు కాకుండా ఎదురు వైపుకి పోయినట్టుంటుంది, నెమ్మదిగా పోనివ్వండి.

కాళ్ల దగ్గర నీళ్లు కనిపిస్తే బోటు కారుతోందని చాలామంది హడలిపోతారు. చక్రం చిమ్మిన నీళ్లే అవి, పాదాలు తడవడం మామూలే. అనుమానించాల్సినది వేరే ఉంది: ఖాళీ బోటు జెట్టీ దగ్గరే ఒక మూలకి వంగి ఉండటం, ఊపితే అడుగు గుల్లలోపల నీళ్లు గలగలమనడం. అంటే వెనకాల డ్రెయిన్ బిరడా వదులైందో, ఫైబర్ ఎక్కడో చిట్లిందో. లోపలి నీళ్లు అటూ ఇటూ పరిగెడితే బోటు నిలకడ పోతుంది. అలాంటిది ఎక్కొద్దు, వేరేది ఇవ్వమనండి.

ఊగుతోందని భయపడే పెద్దవాళ్లకి ఒక్క మాట. ఊగడం తిరగబడటం కాదమ్మా, కూర్చుని ఉంటే అది ఊగి మళ్లీ నిలబడుతుంది. మధ్యకి జరిగి, రెండు చేతులతో సీటు పట్టుకుని, పక్కవాళ్లని నిలబడొద్దని గట్టిగా చెప్పండి. ఆ చివరి మాట మీరు చెబితేనే వింటారు.

అయినా బోటు తిరగబడితే, బోటుని వదలొద్దు. ఒడ్డు దగ్గరే కనిపిస్తుంది, ఈదేద్దామనిపిస్తుంది, వద్దు. అంచు పట్టుకుని మనుషుల్ని లెక్కపెట్టండి, పిల్లలు ముందు. తేలే బోటు దూరం నుంచి కనిపిస్తుంది, ఒక్క తలకాయ కనిపించదు. ఒకవేళ బోటు తిన్నగానే ఉండి మీరే పడితే, పక్క నుంచి ఎక్కబోయి దాన్ని మీ మీదకి లాక్కోకండి.

మిగతావి గబగబా. ఎక్కేటప్పుడు ఒక కాలు జెట్టీ మీద, ఒక కాలు బోటులో పెట్టి ఆలోచించొద్దు. జెట్టీ వాడి భుజం పట్టుకుని, బోటు మధ్యలో అడుగేసి, వెంటనే కూర్చోండి, అప్పుడే రెండోవాళ్లు రావాలి. మోకాలి నొప్పి ఉంటే తొక్కే సీటు వద్దు. తొక్కక తప్పకపోతే, సీటు జరిగే రకం బోటైతే, కాలు చాచినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండేలా జరుపుకోండి. నీళ్లు పచ్చగా చిక్కగా ఉన్నచోట చేతులు ముంచొద్దు, దిగాక సబ్బుతో కడుక్కుని అప్పుడు మిర్చిబజ్జీ. ఫోన్‌కి మెడ తాడు ఉన్న వాటర్‌ప్రూఫ్ కవర్ కొనుక్కోండి, చేతిలోంచి జారినదాని కోసం ఎవరూ దూకరు. టైము దాటితే అదనపు చార్జీ పడుతుంది, ఊటీ లాంటి చోట్ల ముందే డిపాజిట్ కట్టించుకుంటారు. ఎక్కేటప్పుడు స్లిప్పు మీద టైము సరిగ్గా వేశారో లేదో చూసుకుని, ఆ స్లిప్పుని తడవని జేబులో పెట్టుకోండి.