అంత దూరం వెళ్తే ఎనిమిది గుహలేనా?

చైనాలోని దున్‌హువాంగ్ వెళ్లొచ్చిన వాళ్లు ముందుగా చెప్పేది ఫిర్యాదే. ఎడారి దాటి అంత దూరం వెళ్తే, కొండలో తొలిచిన బౌద్ధ గుహాలయాలైన మొగావో గుహల్లో మామూలు టికెట్‌కి చూపించేది ఎనిమిది, అదీ చీకట్లో గైడ్ టార్చి వెలుగులో, ఫోటోలు తీయనివ్వరు. ఉన్నవేమో 735, గోడల మీద బొమ్మలున్నవే 492. కోపం రావడంలో తప్పులేదు గానీ, మిగతా గుహలకు తాళాలు ఊరికే పడలేదు.

క్రీ.శ. 366లో లెజున్ అనే భిక్షువుకు కొండ మీద బంగారు వెలుగు కనిపించి మొదటి గుహ తొలిచాడంటారు. ఆ ఊరు దాటితే తక్లమకాన్ ఎడారి. క్షేమంగా తిరిగి రావాలని, వచ్చాక మొక్కు తీర్చుకోవాలని వర్తకులు, అధికారులు, రాజవంశాల వాళ్లు వెయ్యేళ్లపాటు గుహలు తొలిపిస్తూనే ఉన్నారు. అయితే అది అజంతా లాంటి గట్టి రాయి కాదు, ఇసుకా గులకరాళ్లూ కలిసిన ముద్ద, ఉలి పెడితే రాలిపోతుంది. అందుకే గోడలకు గడ్డి కలిపిన మట్టి మెత్తి రంగులేశారు, విగ్రహాలు కూడా చాలావరకు కర్ర చట్రం మీద మట్టివే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ గోడల్లో ఉప్పు ఉంది. తేమ తగిలితే కరుగుతుంది, ఆరితే మళ్లీ గడ్డకట్టి రంగును పెచ్చులుగా లేపేస్తుంది. మన ఊపిరి చాలు.

ఊపిరి కంటే ముందు చేతులు పడ్డాయి లెండి. 1900లో అక్కడ ఉండే వాంగ్ యువాన్‌లు అనే తావో మత పూజారికి ఒక గోడ వెనక వేలకొద్దీ రాతప్రతులున్న గది దొరికింది. 1907లో బ్రిటిష్ పురావస్తు అన్వేషకుడు ఆరెల్ స్టైన్ 24 పెట్టెల రాతప్రతులు, 5 పెట్టెల బొమ్మల పటాలు పట్టుకుపోయాడు, ఖర్చు 130 పౌండ్లు! 868లో అచ్చయిన వజ్రచ్ఛేదిక సూత్రం అనే బౌద్ధ గ్రంథం అందులోదే. ఆ యాత్రకు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కూడా ఖర్చు పెట్టుకుంది కాబట్టి కొన్ని పట్టు పటాలు ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. 1908లో ఫ్రెంచ్ పండితుడు పెలియో వచ్చి ఇంకొన్ని రాతప్రతులు పట్టుకుపోయాడు. 1921లో రష్యా నుంచి పారిపోయి వచ్చిన సైనికులను గుహల్లోనే ఉంచితే, వాళ్లు వంటలు చేసుకున్న మసి గోడలకు పట్టింది. 1924లో అమెరికా పండితుడు లాంగ్‌డన్ వార్నర్ ఏకంగా గోడల మీది బొమ్మలనే జిగురుతో ఊడదీసుకుపోయాడు.

ఇప్పుడు మామూలు టికెట్లు రోజుకు 6,000 మందికే ఇస్తారు. గుహలకు పంపేముందు రెండు సినిమాలు చూపిస్తారు, టైమ్ వేస్ట్ అని విసుక్కుంటారు చాలామంది. 2014లో ఆ సినిమాల హాలు తెరిచిందే చెప్పాల్సింది బయటే చెప్పేసి, లోపల జనం నిలబడే నిమిషాలు తగ్గించడానికి.