కొండ దిగే సైకిలూ ‘మగరాయుడు’ అనే మాటా

పోయిన చలికాలం అనంతపురం దగ్గర జరిగిన ఒక సైకిల్ పోటీకి మా అక్క కూతుర్ని తీసుకుపోయాను. నంబర్లు ఇచ్చే బల్ల దగ్గర కూర్చున్నాయన పిల్లను ఎగాదిగా చూసి, ఆమెను వదిలేసి నన్ను అడిగాడు. “ఆడపిల్లేనా సార్?” పిల్లది క్రాపు జుట్టు, ఐదడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు, బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద రోజూ తొక్కి గట్టిపడిన పిక్కలు. ఆధార్ కార్డు చూపిస్తే నంబరు ఇచ్చాడు. ఆమె అక్కడ ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనక నుంచి అడిగింది: “మామా, అట్ల అడగాలని రూలేమన్నా ఉందా?”

ఆ ఊరి పోటీకి అట్లాంటి రూలేమీ లేదు. అయితే ఆయన్ను తప్పుబట్టి ఊరుకుంటే కథ సగమే తెలుస్తుంది. ట్రాన్స్‌జెండర్ క్రీడాకారిణులు, అంటే మగపిల్లలుగా పుట్టి స్త్రీలుగా మారినవాళ్ళు, ఆడవాళ్ళ పోటీల్లో గెలుస్తున్నారని చెప్పే వీడియోలు ఆయన ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. వాటి వెనక ఇరవై ఏళ్ళకు పైబడిన గొడవ ఉంది. సైకిళ్ళ వరకు చూస్తే అది బయటపడింది రోడ్డు రేసుల్లో కాదు, కొండ దిగే సైకిళ్ళ దగ్గర.

మౌంటెన్ బైకింగ్ పాత ఆటేమీ కాదు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళను కొండ మీదికి మోసుకుపోయి, మట్టి దారిలో ఎవరు ముందు దిగుతారో చూసుకోవడం మొదలుపెట్టారు. దిగేసరికి వెనక హబ్‌లోని బ్రేకు వేడెక్కి గ్రీజంతా పొగై పోయేది. మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ రేసుకు ‘రీప్యాక్’ అని పేరు పడింది. ఆ గుంపులో వెండీ క్రాగ్ అనే ఆడమనిషి కూడా ఉండేది. 1990లో డురాంగోలో మొదటి అధికారిక ప్రపంచ పోటీలు పెట్టినప్పుడే ఆడవాళ్ళకు విడిగా పోటీలున్నాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లోకి ఈ ఆట వచ్చినప్పుడు మగవాళ్ళతో పాటే ఆడవాళ్ళకూ పతకాలిచ్చారు. ఆడవాళ్ళ మొదటి బంగారు పతకం ఇటలీకి చెందిన పావోలా పెజ్జోది. రోడ్డు సైక్లింగ్‌లో ఆడవాళ్ళు ఒలింపిక్స్ కోసం 1984 దాకా ఎదురుచూడాల్సి వచ్చిందని గుర్తుంటే, ఈ ఆటలో వాళ్ళ చోటు ఎంత తొందరగా కుదిరిందో అర్థమవుతుంది.

మిషెల్ డుమారెస్క్ కథ ఇక్కడే మొదలవుతుంది. కెనడాకు చెందిన ఈమె 1996లో శస్త్రచికిత్స చేయించుకున్న ట్రాన్స్ మహిళ. 2001లో డౌన్‌హిల్ రేసుల్లో దిగింది. డౌన్‌హిల్ అంటే కొండ పైనుంచి ఒక్కొక్కరే రాళ్ళూ వేర్లూ దాటుకుంటూ దిగడం, గడియారంతో పోటీ. రేసు కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఈమె బాగా దిగింది. ఫిర్యాదులొచ్చాయి, లైసెన్సు ఆపారు. మగవాళ్ళతో ఆడమంటే ఆమె ఒప్పుకోలేదు. చివరికి ఆమె జనన ధ్రువపత్రంలో అప్పటికి స్త్రీ అని ఉంది కాబట్టి 2002లో లైసెన్సు తిరిగిచ్చారు. సాటి రైడర్లు ఆమెను ఆపాలని సంతకాలు సేకరించారు. అదే ఏడాది ఆస్ట్రియాలోని కాప్రున్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు కెనడా జట్టులో వెళ్ళింది. స్వదేశంలో జాతీయ చాంపియన్ అయింది. ప్రపంచ పోటీల్లో మాత్రం ఎప్పుడూ పతకం దాకా రాలేదు. ఆమెను ఎదిరించినవాళ్ళు మొదటి వాక్యం చెప్పి ఆపేస్తారు, సమర్థించినవాళ్ళు రెండో వాక్యం చెప్పి ఆపేస్తారు.

2006 జాతీయ పోటీల్లో ఆమె మళ్ళీ గెలిచింది. రెండో స్థానంలో వచ్చిన రైడర్ బహుమతుల వేదిక మీద ఒక టీషర్టుతో నిలబడింది. దాని మీద ‘నూరు శాతం అసలైన ఆడ చాంపియన్’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలున్నాయి. సమాఖ్య ఆ టీషర్టు రైడర్‌ను మూడు నెలలు సస్పెండ్ చేసింది. నాకు ఆ టీషర్టు మీద కోపం లేదు, మెప్పూ లేదు. ఏళ్ళ తరబడి కొండలు దిగి ఒళ్ళంతా దెబ్బలు తిన్న పిల్ల, రూలు రాసినవాళ్ళ మీద చూపాల్సిన కోపాన్ని పక్కన నిలబడ్డ మనిషి మీద చూపింది. రూలు రాసినవాళ్ళు వేదిక మీద ఉండరు కదా.

ఆ రూళ్ళు ఎట్లా పుట్టాయో చూడాలంటే ఇంకా వెనక్కి పోవాలి. ఆడవాళ్ళ పోటీలో ఉన్నది ఆడవాళ్ళేనా అనే అనుమానం ట్రాన్స్‌జెండర్ల కంటే ముందే ఉంది. 1966లో బుడాపెస్ట్‌లో జరిగిన యూరప్ అథ్లెటిక్స్ పోటీల్లో క్రీడాకారిణుల్ని బట్టలు లేకుండా డాక్టర్ల ముందు నడిపించారు. అది మరీ సిగ్గుచేటని 1968 మెక్సికో ఒలింపిక్స్ నుంచి బుగ్గ లోపల దూది రాసి క్రోమోజోములు చూడటం పెట్టారు. మౌంటెన్ బైక్ తొలిసారి వచ్చిన అట్లాంటాలోనూ ఆడవాళ్ళకు లింగ పరీక్ష తప్పలేదు. అక్కడ పరీక్షించిన 3,387 మంది ఆడవాళ్ళలో 8 మందికి ‘తేడా’ వచ్చింది. వాళ్ళు మారువేషం వేసుకొచ్చిన మగవాళ్ళు కారు. అమ్మాయిలుగా పుట్టి, అమ్మాయిలుగా పెరిగినవాళ్ళే. అందర్నీ ఆడనిచ్చారు. ముప్పై ఏళ్ళు అందరి బుగ్గలూ గీకి పట్టుకున్నదేమిటని ఆలోచించి, 1999లో ఒలింపిక్ కమిటీ ఆ పరీక్షను ఆపేసింది.

తర్వాత 2003లో స్టాక్‌హోమ్‌లో నిపుణులు కూర్చుని ట్రాన్స్ మహిళల కోసం షరతులు రాశారు: శస్త్రచికిత్స జరగాలి, చట్టప్రకారం స్త్రీగా గుర్తింపు ఉండాలి, హార్మోన్ చికిత్స తగినంత కాలం సాగాలి, శస్త్రచికిత్స జరిగి రెండేళ్ళు దాటాలి. 2015లో శస్త్రచికిత్స షరతు తీసేసి అంకె పెట్టారు. లీటరు రక్తంలో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ 10 నానోమోల్స్ (హార్మోన్లను కొలిచే చిన్న కొలత) దాటకుండా ఏడాది ఉండాలన్నారు. ఆడవాళ్ళలో మామూలుగా అది 2 నానోమోల్స్ కూడా ఉండదు. అంటే ఆ గీత ఆడవాళ్ళ స్థాయికి ఎంతో పైన గీసిందే. అంకె కనబడితే శాస్త్రం అనుకోవడం మనకు అలవాటు, వాళ్ళకూ అలవాటే.

అసలు చిక్కు రక్తంలో ఈరోజు ఎంత ఉందన్నది కాదు, యవ్వనం వచ్చిన ఏళ్ళలో ఏం జరిగిందన్నది. మగపిల్లలకు పన్నెండు పదమూడేళ్ళ నుంచి టెస్టోస్టిరాన్ పొంగుతుంది. ఎముకలు పొడుగవుతాయి, భుజాలు వెడల్పవుతాయి, గుండె, ఊపిరితిత్తులు పెద్దవవుతాయి, కండ పెరుగుతుంది. అగ్రస్థాయి పరుగు పందేల్లో ఆడ మగ మధ్య పది పన్నెండు శాతం తేడా రావడానికి కారణం ఇదే. ఆడవాళ్ళకు విడిగా పోటీ పెట్టిందీ ఇందుకే. తర్వాత మందులతో హార్మోన్ తగ్గిస్తే కొన్ని తగ్గుతాయి, కొన్ని తగ్గవు. రక్తంలో హిమోగ్లోబిన్ నాలుగు నెలల్లోపే ఆడవాళ్ళ స్థాయికి దిగుతుంది. కండబలం మెల్లగా, కొంతే తగ్గుతుంది. పెరిగిన ఎత్తు తగ్గదు.

అమెరికా వాయుసేనలో పనిచేసిన ట్రాన్స్ మహిళల ఫిట్‌నెస్ రికార్డులు చూసిన అధ్యయనం ఒకటుంది. చికిత్సకు ముందు నిమిషంలో వాళ్ళు తీసిన పుషప్‌లు తోటి ఆడవాళ్ళ కంటే 31 శాతం ఎక్కువ. రెండేళ్ళ చికిత్స తర్వాత ఆ తేడా పోయింది. మైలున్నర పరుగులో మాత్రం అప్పటికీ 12 శాతం వేగంగా ఉన్నారు. ఒలింపిక్ కమిటీ డబ్బిచ్చిన మరో అధ్యయనం 2024లో వచ్చింది. అందులో ట్రాన్స్ మహిళల చేతిపట్టు ఆడవాళ్ళ కంటే ఎక్కువ. పైకి ఎగిరే ఎత్తు, ఒంటి బరువులో కిలోకు ఇంతని లెక్కేసిన ఆక్సిజన్ సామర్థ్యం తక్కువ. పాల్గొన్న ట్రాన్స్ మహిళలు 23 మందే కాబట్టి దీన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం.

అయినా కొండ సైకిలు తొక్కేవాళ్ళకు ఇందులో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. డౌన్‌హిల్‌లో రాళ్ళ మీద హ్యాండిల్ ఎగిరిపడుతుంటే పట్టి ఉంచేది చేతులూ భుజాలే. అక్కడ పట్టు బలం లెక్కలోకి వస్తుంది. క్రాస్‌కంట్రీ వేరు. గంటన్నర అటూ ఇటూ ఎక్కుతూ దిగుతూ ఉండాలి, అక్కడ కిలోకు ఎంత ఆక్సిజన్ అన్నదే రాజు. దేవరకొండ వైపు ఎత్తు ఎక్కేటప్పుడు నా పొట్ట ఈ లెక్క నాకు ప్రతి ఆదివారం చెబుతుంది. ఒకే ఆటలో రెండు పోటీలు రెండు రకాల ఒంటిని అడుగుతున్నాయి. పైగా రాళ్ళలో దారి వెతుక్కోవడం, భయపడకపోవడం ఏ హార్మోనూ ఇచ్చేవి కావు. నియమాలు మాత్రం అన్నిటినీ ఒక గాటన కట్టాయి.

ఆ తర్వాత జరిగినవన్నీ వేగంగా జరిగాయి. 2018లోనూ 2019లోనూ రేచల్ మెకినన్ అనే ట్రాన్స్ మహిళ వయసు పైబడినవాళ్ళ ట్రాక్ ప్రపంచ పోటీల్లో స్ప్రింట్ గెలిచింది. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2020లో గీతను 5 నానోమోల్స్‌కు దించింది. 2022 మార్చిలో బ్రిటన్ జాతీయ పోటీకి ఎమిలీ బ్రిడ్జెస్ అనే ట్రాన్స్ మహిళను దిగనివ్వలేదు. అదే ఏడాది జూలైలో గీత 2.5 నానోమోల్స్‌కు దిగింది, ఏడాది గడువు రెండేళ్ళయింది. 2023 ఏప్రిల్ 30న న్యూ మెక్సికోలో టూర్ ఆఫ్ ది గీలా అనే రోడ్డు రేసును ఆస్టిన్ కిలిప్స్ అనే ట్రాన్స్ మహిళ గెలిచింది. అన్ని రూళ్ళూ పాటించే గెలిచింది. మొదట తన రూలును సమర్థించుకున్న యూసీఐ, జూలై 14న మాట మార్చింది. మగ యవ్వనం దాటాక మారిన ట్రాన్స్ మహిళలకు తన అంతర్జాతీయ కేలండర్‌లోని ఆడవాళ్ళ పోటీల్లో చోటు లేదంది. జూలై 17 నుంచి అమలు. మగవాళ్ళ విభాగానికి ‘పురుషులు/ఓపెన్’ అని పేరు పెట్టి అందులో ఆడమంది. రెండేళ్ళ చికిత్సతో యవ్వనంలో వచ్చిన లాభం పూర్తిగా పోతుందని ప్రస్తుత శాస్త్రం ధ్రువపరచడం లేదన్నది వాళ్ళు చెప్పిన కారణం. ఈతల సమాఖ్య 2022లో, అథ్లెటిక్స్ సమాఖ్య 2023 మార్చిలో ఇదే బాట పట్టాయి.

అడిగితే నా అభిప్రాయం దాచుకోను. ప్రపంచ స్థాయి పోటీలో యవ్వనాన్ని గీతగా పెట్టడం రక్తంలో అంకెను పెట్టడం కంటే నిజానికి దగ్గర. కానీ చేసిన తీరు బాగాలేదు. ఏడాది రెండేళ్ళకొక గీత గీసి, దానికోసం ఒంట్లోని హార్మోన్లను ఏళ్ళ తరబడి అణచుకున్న మనిషి గెలిచాక గీత చెరిపేయడం న్యాయం పేరుతో చేసిన అన్యాయం. ఆమె ఏ రూలునూ మీరలేదు. ఇక ప్రపంచ పోటీలకు రాసిన గీతను ఊరి పోటీ దాకా లాక్కొచ్చి, నంబరు బల్ల దగ్గర మొహం చూసి అమలు చేస్తే ఏమవుతుందో మా పిల్ల చూసింది.

మన దేశంలో ఈ అనుమానం దెబ్బ ఎక్కువగా పడింది ట్రాన్స్‌జెండర్ల మీద కాదు, ఆడపిల్లలుగా పుట్టినవాళ్ళ మీద. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల వెండి పతకం గెలిచిన శాంతి సౌందరరాజన్ తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో ఇటుక బట్టీ కూలీల బిడ్డ. లింగ పరీక్షలో తప్పిందని పతకం లాగేసుకున్నారు. ఆ సంగతి ఆమెకు టీవీలో వార్తయ్యాకే పూర్తిగా తెలిసింది. ఒడిశాకు చెందిన ద్యుతీ చంద్‌ను 2014లో టెస్టోస్టిరాన్ ఎక్కువని పక్కన పెడితే, ఆమె ఊరుకోకుండా క్రీడల మధ్యవర్తిత్వ కోర్టుకు వెళ్ళింది. 2015 జూలైలో ఆ నియమాన్నే ఆపించింది. 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లు తమ లింగమేదో తామే చెప్పుకోవచ్చని తీర్పిచ్చింది. చట్టం 2019లో వచ్చింది. దాని కింద ఇచ్చే గుర్తింపు పత్రం ఆఫీసుల్లో చెల్లుతుంది. ప్రపంచ సమాఖ్యల మైదానంలో చెల్లదు. డుమారెస్క్‌కు 2002లో లైసెన్సు తెచ్చిపెట్టింది అట్లాంటి కాగితమే.

ఇప్పుడు గాలి మళ్ళీ పాత పరీక్ష వైపు తిరిగింది. 2025 సెప్టెంబరు 1 నుంచి అథ్లెటిక్స్ సమాఖ్య ప్రపంచ స్థాయి ఆడవాళ్ళ పోటీలకు ఎస్‌ఆర్‌వై అనే జన్యువు (మామూలుగా మగవాళ్ళ వై క్రోమోజోములో ఉండేది) పరీక్ష తప్పనిసరి చేసింది. జీవితంలో ఒక్కసారి, బుగ్గ లోపల రాసిన నమూనాతో గానీ రక్తంతో గానీ. 1999లో చాలించుకున్న దూది పుల్ల వేరే పేరుతో తిరిగొచ్చింది.

మా వైపు పొడుగ్గా, గట్టిగా ఉండి, పదిమందిలో గొంతెత్తే పిల్లను ‘మగరాయుడు’ అంటారు. ముద్దుగా అనేవాళ్ళూ ఉన్నారు, పెళ్ళి సంబంధాలు చెడగొట్టడానికి అనేవాళ్ళూ ఉన్నారు. మా అక్క ఆ మాట వినీ వినీ కూతుర్ని ఒక దశలో సైకిలు మానేయమంది. బల్ల దగ్గరాయన అడిగిందీ అదే మాట, కాస్త కొత్త బట్టలు కట్టుకుని.

ఇదంతా మేనకోడలికి రెండు మూడు ఆదివారాలు చెప్పాను, ముక్కలు ముక్కలుగా, కంపముల్లు దిగిన టైరుకు పంచరు వేసుకుంటూ. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే. “సరే మామా. అయితే ఆ కెనడా ఆమె టైము ఎంత?” నా దగ్గర లేదన్నాను. “అది చెప్పకుండా ఇంతసేపు చెప్పినావా,” అని పంపు అందుకుంది.