నమ్మే హక్కు, మాట్లాడే హక్కు: 25వ అధికరణ వెనక కథ

మత స్వేచ్ఛ గురించి మన దగ్గర ఎక్కడ చర్చ మొదలైనా కాసేపటికే మత మార్పిడి దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఒకరు రాజ్యాంగం 25వ అధికరణ తీసి, మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు మాకు ఉందంటారు. ఇంకొకరు 1977 నాటి సుప్రీంకోర్టు తీర్పు తీసి, ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు ఎవరికీ లేదంటారు. రెండూ ఉన్న మాటలే. అవి ఏ సందర్భంలో, ఎవరి మధ్య వాదనలోంచి వచ్చాయో తెలియకపోవడం వల్లే అరుపులు పెరిగి చర్చ ముందుకు సాగడం లేదు. అందుకే కాస్త వెనక్కి వెళ్దాం.

1948 డిసెంబరు 3, 6 తేదీల్లో రాజ్యాంగ సభ ముందుకు ముసాయిదాలోని 19వ అధికరణ వచ్చింది. తర్వాత నంబర్లు మారి ఇప్పటి 25వ అధికరణ అయింది అదే. సభాధ్యక్ష స్థానంలో ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ ఉన్నారు. ఆయన బెంగాల్ క్రైస్తవుడు. మతాన్ని నమ్మడం, ఆచరించడం మీద పెద్దగా పేచీ లేదు. ప్రచారం చేసుకునే హక్కు దగ్గరే సభ వేడెక్కింది.

బీహార్ నుంచి వచ్చిన తజముల్ హుస్సేన్, మతం మనిషికీ సృష్టికర్తకూ మధ్య సొంత వ్యవహారం, దాన్ని బయట ప్రచారం చేయాల్సిన పనేముంది, ఆ మాట తీసేయండి అన్నారు. ఒరిస్సా సభ్యుడు లోక్‌నాథ్ మిశ్రా ఇంకా గట్టిగా వ్యతిరేకించారు. ఈ హక్కు ఇస్తే హిందూ సంస్కృతికే ముప్పని ఆయన భయం. అటువైపు లక్ష్మీకాంత మైత్రా, కె. సంతానం, టి.టి. కృష్ణమాచారి నిలబడ్డారు. వీళ్లెవరూ క్రైస్తవులు కారు, ముస్లింలూ కారు. తాను దాదాపు 14 ఏళ్లు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివానని, తనను మతం మార్చడానికి ఎవరూ ప్రయత్నించలేదని కృష్ణమాచారి తన అనుభవమే సభకు చెప్పారు. మైనారిటీల హక్కు కోసం మెజారిటీ మతం వాళ్లు లేచి మాట్లాడటం, మైనారిటీ సభ్యుడే ఆ హక్కు వద్దనడం చూస్తే, ఇవాళ టీవీ చర్చల్లో పేరును బట్టి అభిప్రాయం ఊహించే అలవాటు ఎంత తప్పో తెలుస్తుంది.

ఆ చర్చలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది కె.ఎం. మున్షీ వాదన. అంతకుముందు ఏడాది, బలవంతపు మత మార్పిడి చెల్లదని రాజ్యాంగంలోనే రాయాలని పట్టుబట్టినవాడు ఆయనే. దాని మీద 1947లో చాలా వాదన జరిగింది. చివరికి, అది అందరూ ఒప్పుకునే విషయమే కాబట్టి రాజ్యాంగంలో ప్రత్యేకంగా రాయక్కర్లేదని సర్దార్ పటేల్ అధ్యక్షతన ఉన్న సలహా సంఘం పక్కన పెట్టింది. అలాంటి మున్షీ 1948లో ప్రచార హక్కును సమర్థించారు. మైనారిటీలతో కుదిరిన రాజీలో ఇది భాగమని, క్రైస్తవులు దీనికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చారని గుర్తు చేశారు. పైగా ఈ మాట లేకపోయినా, భావ ప్రకటనా స్వేచ్ఛ ఉన్న దేశంలో ఒక మతం వాళ్లు తమ నమ్మకం గురించి చెప్పి ఇతరులను ఒప్పించుకోవడాన్ని ఎవరూ ఆపలేరన్నారు. మత స్వేచ్ఛనూ మాట్లాడే స్వేచ్ఛనూ ఆయన విడదీసి చూడలేదు. సవరణలు వీగిపోయాయి, ప్రచార హక్కు నిలిచింది.

హక్కు నిలిచింది గానీ, హద్దులు లేకుండా కాదు. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం, మిగతా ప్రాథమిక హక్కులు, వీటన్నిటికీ లోబడే అన్నది ఆ అధికరణ మొదట్లోనే ఉంది. సంస్కరణకు తలుపు తెరిచి ఉంచిన రెండో క్లాజు వెనక ఇద్దరు స్త్రీల పట్టుదల ఉంది. మతాచారాలను స్వేచ్ఛగా పాటించుకోవచ్చని ఊరికే రాసేస్తే పర్దా, బాల్యవివాహాలు, ఆడపిల్లల్ని గుళ్లకు అంకితం చేయడం లాంటి వాటికి రాజ్యాంగమే రక్షణ ఇచ్చినట్టవుతుందని రాజ్‌కుమారి అమృత్ కౌర్, హంసా మెహతా 1947లోనే హెచ్చరించారు. దేవదాసీ దురాచారం మీద మద్రాసు రాష్ట్రం చట్టం తెచ్చిన ఏడాది కూడా అదే. సంస్కరణ కోసం ప్రభుత్వం చట్టం చేయవచ్చని, హిందూ దేవాలయాలను అన్ని వర్గాలకూ తెరిపించవచ్చని రాజ్యాంగంలో ఉండటానికి ఈ ఆలోచనే మూలం.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. భావ ప్రకటనా స్వేచ్ఛ ఇచ్చే 19వ అధికరణ పౌరులకే వర్తిస్తుంది. 25వ అధికరణ ఈ దేశంలో ఉన్న మనుషులందరికీ వర్తిస్తుంది. పైగా అందులో మతం కంటే ముందు అంతరాత్మ స్వేచ్ఛ ఉంది. ఏ దేవుణ్ణీ నమ్మని మనిషికి కూడా అక్కడ చోటు ఉందన్నమాట. ఆ చోటు విలువ మన గోరాను తలుచుకుంటే తెలుస్తుంది. దేవుడి మీద తన అభిప్రాయం బయటికి చెప్పినందుకు గోపరాజు రామచంద్రరావు 1933లో కాకినాడలో లెక్చరర్ ఉద్యోగం పోగొట్టుకున్నారు. తర్వాత కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. గాంధీజీ దగ్గరికి వెళ్లి దేవుడి గురించి ముఖాముఖి వాదించారు. ఇద్దరిలో ఎవరూ రెండోవారి నోరు మూయించాలని చూడలేదు.

మతం గురించి మాట్లాడే హక్కుకు అప్పటికే చట్టంలో ఒక కంచె ఉంది. లాహోర్‌లో ప్రవక్తను కించపరుస్తూ వచ్చిన ఒక చిన్న పుస్తకం ప్రచురణకర్తను హైకోర్టు వదిలేయడంతో పెద్ద గొడవ జరిగింది. దాని ఫలితంగానే 1927లో శిక్షాస్మృతిలో 295-ఎ సెక్షన్ చేరింది. నిజాయితీగా సంస్కరణ కోసం రాసేవాళ్లు దీనికి బలి కాకూడదనే, ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసిన అవమానాలకే ఇది వర్తిస్తుందని అందులో రాశారు. 1957లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందని చెబుతూ, తెలియక, అజాగ్రత్తగా అన్న మాటలు దీని కిందికి రావని స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్. మనోభావాలు దెబ్బతిన్నాయని ఎవరైనా స్టేషన్‌కు వెళ్తే చాలు, కేసు కట్టేయాలన్నట్టు మాట్లాడేవాళ్లు ఆ దురుద్దేశం షరతును ఒకసారి చదవాలి.

కోర్టుల్లో ఈ రెండు హక్కులూ చేయి కలిపి నడిచిన కేసు ఒకటుంది. 1985 జులైలో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. ఒకరు పదో తరగతి, ఒకరు తొమ్మిది, ఒకరు ఐదు. రోజూ ప్రార్థన వేళ అందరితోపాటు లేచి మర్యాదగా నిలబడేవాళ్లు, జాతీయ గీతం మాత్రం పాడేవాళ్లు కాదు. దేవుడికి తప్ప ఇంకెవరికీ స్తుతి గీతం పాడకూడదన్నది వాళ్ల నమ్మకం. ఏళ్ల తరబడి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. ఒక ఎమ్మెల్యే చూసి అసెంబ్లీలో లేవనెత్తారు. విచారణ జరిపితే, పిల్లలు బుద్ధిమంతులు, గీతాన్ని అగౌరవపరచలేదు అని తేలింది. అయినా పాడతామని రాసిస్తేనే బడికి రానిస్తామన్నారు. హైకోర్టులో రెండు మెట్ల మీదా ఓడిపోయారు.

సుప్రీంకోర్టులో ఆ కేసు విన్న ధర్మాసనంలో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్నారు, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన న్యాయమూర్తి. 1986 ఆగస్టు 11న ఆయన రాసిన తీర్పు పిల్లల్ని మళ్లీ బడిలో చేర్చుకోమంది. ఆ నమ్మకం మనకు విడ్డూరంగా తోచవచ్చు, దాన్ని మనం ఒప్పుకోకపోవచ్చు, కానీ అది నిజాయితీగా పట్టుకున్న నమ్మకమా కాదా అన్నదే కోర్టు చూడాల్సింది అన్నారు. పాడమని ఏ చట్టమూ చెప్పనప్పుడు పాడకుండా ఉండటం 19వ అధికరణ కిందా హక్కే, 25వ అధికరణ కిందా హక్కే. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అంటూ ఆ తీర్పు ముగుస్తుంది. మెజారిటీకి నచ్చని నమ్మకం ఉన్న పదేళ్ల పిల్ల తరఫున రాజ్యాంగం నిలబడినప్పుడే అది అందరికీ రాజ్యాంగం అవుతుందని నాకు అనిపిస్తుంది.

మత మార్పిడి చట్టాల కథ దీనికంటే పాతది, ఇంకా పూర్తి కానిది. స్వాతంత్ర్యానికి ముందే రాయగఢ్, సర్గుజా లాంటి సంస్థానాలు అలాంటి చట్టాలు చేశాయి. స్వతంత్ర భారతంలో మొదటిది ఒరిస్సాలో, 1967లో. స్వతంత్ర పార్టీ నాయకత్వంలోని ప్రభుత్వం దాన్ని తెచ్చింది. మరుసటి ఏడాది మధ్యప్రదేశ్. బలప్రయోగం, మోసం, ప్రలోభాలతో మతం మార్చడం నేరమన్నాయి. ఒరిస్సా హైకోర్టు తమ చట్టాన్ని కొట్టేసింది. మధ్యప్రదేశ్ హైకోర్టు తమ చట్టం సబబే అంది. రెండూ సుప్రీంకోర్టుకు చేరాయి. 1977 జనవరిలో, ఎమర్జెన్సీ ఇంకా ఎత్తేయకముందే, ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రెండు చట్టాలనూ నిలబెట్టింది. తన మత సిద్ధాంతాలను చెప్పుకునే హక్కు ఉందిగానీ ఎదుటి మనిషిని మతం మార్చే హక్కు లేదంది.

ఈ తీర్పును హెచ్.ఎం. సీర్వై లాంటి రాజ్యాంగ పండితుడు గట్టిగా తప్పుబట్టారు. ఒకడు తన మతం గురించి చెప్పడం వల్ల ఎదుటివాడి అంతరాత్మ స్వేచ్ఛకు భంగం రాదు, ఎంచుకునే అవకాశం వస్తుంది అన్నది ఆయన వాదన. నాకూ అదే సరైనదిగా తోస్తుంది. బెదిరించి, మోసం చేసి మార్చడం తప్పని అందరం ఒప్పుకుంటాం. కానీ ఒప్పించడానికీ ప్రలోభపెట్టడానికీ మధ్య గీత గీసే పని ఎస్ఐ చేతిలో పెడితే, భయపడేది మోసగాడు ఒక్కడే కాదు.

ఆ తర్వాత చట్టాలు కాగితాల వైపు మళ్లాయి. 2006లో కాంగ్రెస్ ప్రభుత్వం తెచ్చిన హిమాచల్ చట్టం, మతం మారాలనుకునేవాళ్లు 30 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు నోటీసు ఇవ్వాలంది. 2012లో అక్కడి హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. తన నమ్మకాన్ని బయటపెట్టకుండా ఉండే హక్కు కూడా మనిషికి ఉందని చెప్పింది. అయినా 2021 నాటి ఉత్తరప్రదేశ్ చట్టంలో నోటీసు గడువు 60 రోజులైంది, ఆపై పోలీసు విచారణ. తమిళనాడు మాత్రం 2002లో తెచ్చిన చట్టాన్ని 2004లో తనే రద్దు చేసుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో వేరే దారి పట్టింది. తిరుమలలో అన్యమత ప్రచారం జరుగుతోందన్న వివాదం తర్వాత, ఒక మతం ప్రార్థనా స్థలంలో ఇంకో మతం ప్రచారం చేయకూడదని చట్టం తెచ్చింది. నమ్మకాన్ని ముట్టుకోకుండా స్థలానికి మాత్రమే హద్దు పెట్టడం నాకు కాస్త సమంజసంగానే కనిపిస్తుంది.

తెలుగు నేల మీద మాత్రం అసలు నొప్పి వేరేచోట ఉంది. ఎస్సీ కులాల జాబితా ప్రకటిస్తూ 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా, హిందూ మతం కాక వేరే మతం స్వీకరించినవాళ్లు ఎస్సీలు కారంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు ఇచ్చారు. క్రైస్తవంలోకి, ఇస్లాంలోకి వెళ్లిన దళితులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులు బీసీ-సీ. అంటే అదే పేటలో, పక్కపక్క ఇళ్లలో, ఒకే మాల లేదా మాదిగ కుటుంబంలో అన్నదమ్ములిద్దరిలో ఒకరిది ఎస్సీ సర్టిఫికెట్, ఒకరిది బీసీ-సీ సర్టిఫికెట్ కావచ్చు. ఊళ్లో ఇద్దర్నీ చూసే చూపులో మాత్రం తేడా ఉండదు. చర్చికి వెళ్తూ సర్టిఫికెట్‌లో హిందువుగా ఉన్న కుర్రాడికి ఉద్యోగం వచ్చినా టెన్షన్ పోదు, ఎవరో ఒకరు ఫిర్యాదు రాస్తారేమోనని. నమ్మినదాన్ని నలుగురిలో చెప్పుకోలేని పరిస్థితి అది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని చెప్పడంతో ఈ భయం ఇంకా పెరిగింది.

25వ అధికరణ మీద రాజ్యాంగ సభ ఉపసంఘాల్లో, సభలో రెండేళ్లలో పలుమార్లు వాదించుకుంది. మూడో పేరా మాత్రం ఒక ఉత్తర్వుగా వచ్చింది, అంతటి బహిరంగ చర్చ దానికి దక్కలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు మతంతో ముడి తీసేయమని సిఫారసు చేసింది, కేంద్రం ఒప్పుకోలేదు. ఆ పేరా చెల్లదంటూ 2004లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ఇంకో కమిషన్ వేసి, తర్వాత గడువు పొడిగించారు. ఆ కమిషన్ ముందుకు వెళ్లి చెప్పుకోవాల్సినవాళ్లలో ఎంతోమంది, చెబితే చేతిలో ఉన్న సర్టిఫికెట్ పోతుందేమోనని నోరు విప్పలేని స్థితిలో ఉన్నారు.