మొదటి బోల్టు కట్ చేయబోయే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

లేత్ మీద ఫేసింగ్ (కడ్డీ ముఖం చదును చేయడం), టర్నింగ్ (కడ్డీ వ్యాసం తగ్గించడం) మీ చేతికొచ్చాయి. త్రెడ్, అంటే బోల్టు మీది మర, అనేసరికి మాత్రం చెయ్యి వెనకాడుతోందని రాశారు. వెనకాడటంలో తప్పేం లేదు. టర్నింగ్‌లో టూల్ నెమ్మదిగా పాకుతుంది, త్రెడ్డింగ్‌లో కడ్డీని పట్టి తిప్పే చక్ వైపు గబగబా వచ్చేస్తుంది. అయితే ఈ పనిలో మీ బాధ్యత ఎంత, మిషన్ బాధ్యత ఎంత అన్నది విడదీసి చూస్తే సగం బెరుకు పోతుంది. పిచ్, అంటే ఒక మర నుంచి పక్క మరకి ఉన్న దూరం, ఇచ్చేది మిషన్. కోణం, లోతు ఇచ్చేది మీరు. పిచ్ విషయంలో మీ పని ఒక్కటే: చక్‌కీ టూల్‌ని నడిపే పొడవాటి మర కడ్డీ అయిన లీడ్ స్క్రూకీ మధ్య కుదిర్చిన లెక్కను పని అయ్యేదాకా చెడగొట్టకుండా ఉండటం.

ఆ లెక్క ఏమిటో చూద్దాం. చక్ ఒక్క చుట్టు తిరిగేసరికి టూల్‌ని మోసే క్యారేజీ సరిగ్గా ఒక్క పిచ్ జరగాలి. చక్‌ని తిప్పే స్పిండిల్‌నీ లీడ్ స్క్రూనీ మార్చుకోగల చేంజ్ గేర్లతో కలిపి, టూల్‌ని స్లైడ్ మీద గట్టిగా బిగించి, ఒకే మిషన్ మీద కచ్చితమైన మరలు తీసే లేత్‌ని 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే తయారుచేశాడు. మీ ముందున్న లేత్ కూడా అదే సూత్రం మీద నడుస్తుంది. గేర్లకు సూత్రం ఇది: మనకు కావలసిన పిచ్‌ని లీడ్ స్క్రూ పిచ్‌తో భాగించాలి. పైన వచ్చేది తిప్పే గేరు, కింద వచ్చేది తిరిగే గేరు.

ఈ ఉత్తరమంతా ఎం 12 బోల్టు, అంటే 12 మిల్లీమీటర్ల వ్యాసమున్న మెట్రిక్ బోల్టు, మీదే నడిపిస్తాను. దాని పిచ్ 1.75 మిల్లీమీటర్లు. మీ లీడ్ స్క్రూ పిచ్ 6 మిల్లీమీటర్లయితే 1.75ని 6తో భాగించాలి. అది 7కి 24, అంటే 35 పళ్ల గేరు తిప్పుతుంది, 120 పళ్ల గేరు తిరుగుతుంది. లీడ్ స్క్రూకి ఇంచీకి 4 త్రెడ్లు ఉంటే 35కి 127 వస్తుంది. ఈ 127 పళ్ల గేరుని చూసి వింత సంఖ్య అనుకోకండి. ఇంచీ అంటే 25.4 మిల్లీమీటర్లు, దాన్ని 5తో గుణిస్తే 127. ఇంచీ లెక్కనూ మిల్లీమీటరు లెక్కనూ తేడా రాకుండా కలిపేది ఆ ఒక్క గేరే. గేర్ బాక్స్ ఉన్న మిషన్ అయితే పలక మీద చూసి లివర్లు వేస్తే సరిపోతుంది.

ఇప్పుడు జాబ్, అంటే మనం కోసే ముక్క. ఎం 12 కదా అని కడ్డీని 12 మిల్లీమీటర్లకే వదిలేయకండి. మామూలు బోల్టుకి వాడే, కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే 6జి టాలరెన్స్‌లో బయటి వ్యాసం 11.701 నుంచి 11.966 దాకా ఉండొచ్చు. మైల్డ్ స్టీల్ అయితే 11.85కి టర్న్ చేయండి. టూల్ దిగేకొద్దీ లోహం కొంత పక్కలకు ఒత్తుకుని త్రెడ్ తల మీద బర్ (పదునైన అంచు) లేస్తుంది. ఆ చోటు ముందే వదలాలి. కొసన 45 డిగ్రీల చాంఫర్ (వాలు అంచు) ఇవ్వండి. త్రెడ్ ఆగే చోట 5 మిల్లీమీటర్ల వెడల్పున, 9.4 వ్యాసానికి గాడి కోయండి. టూల్ ఆగి వెనక్కి రావడానికి ఆ గాడే చోటు. జాబ్ చక్ నుంచి 40, 50 మిల్లీమీటర్లు బయటికి ఉంటే కొసను ఆపిపట్టే టెయిల్ స్టాక్ సెంటర్ తప్పనిసరి. సెంటర్ లేకపోతే కడ్డీ టూల్‌కి దూరంగా వంగుతుంది. చక్ దగ్గర సరిపోయిన త్రెడ్ కొస దగ్గర లావుగా తేలుతుంది, నట్టు మొదట్లోనే ఎక్కనంటుంది.

టూల్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే చెడిపోయిన త్రెడ్లలో చాలావరకు చెడేది గ్రైండింగ్ వీల్ దగ్గరే. మెట్రిక్ త్రెడ్‌కి టూల్ కోణం 60 డిగ్రీలు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన త్రెడ్ 55 డిగ్రీలది, పాత మిషన్ల రిపేరుకి అదీ కావలసి వస్తుంది. కోణం సరిచూసే ఈ రెండు గేజ్‌లూ పక్కపక్కన పెడితే కంటికి ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి గేజ్ మీది అంకె చదవకుండా వాడకండి. టూల్ పైముఖం చదునుగా ఉంచండి. పైన రేక్ (వాలు) ఇచ్చారంటే టూల్ మీద 60 ఉన్నా జాబ్ మీద 60 రాదు. టూల్ కొస ఎత్తు కూడా సరిగ్గా సెంటర్‌కి ఉండాలి.

పక్క క్లియరెన్స్ (అంచు కింద వదిలే ఖాళీ) సంగతి చాలామంది మరిచిపోతారు. త్రెడ్ వాలుగా పోతుంది కదా, ఎం 12కి ఆ వాలు దాదాపు 3 డిగ్రీలు. కుడి చేతి త్రెడ్‌కి టూల్ ఎడమవైపు నడుస్తుంది కాబట్టి దాని ఎడమ పక్కన కింది క్లియరెన్స్ ఆ 3 డిగ్రీల మేర ఎక్కువ ఉండాలి. లేకపోతే అంచు కోయదు, దాని కింది భాగం జాబ్‌ని ఒరుసుకుంటుంది. త్రెడ్ ఒక పక్క నున్నగా, రెండో పక్క మెరుపు లేకుండా గీరుకుపోయినట్టుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇక టూల్ ముక్కు. సూదిలా వదిలేస్తే 1.75 పిచ్‌కి దాదాపు 1.33 మిల్లీమీటర్ల లోతు దిగితే గానీ నట్టు ఎక్కదు, అంత లోతున ఆ సన్నని మొన నిలవదు. నూనె రాయి మీద ముక్కుని కొద్దిగా గుండ్రం చేయండి. గుండ్రం రేడియస్ ఎంతో లోతు అంత తగ్గుతుంది. 0.25 రేడియస్ ఇస్తే 1.33లోంచి 0.25 పోయి 1.08 మిగిలింది. పుస్తకాల్లో పిచ్‌ని 0.613తో గుణించమంటారు చూడండి, 1.75కి అది 1.07. ఆ సూత్రం గుండ్రటి ముక్కుని లెక్కలో పెట్టుకునే ఉంటుంది. సూది ముక్కుతో పుస్తకం లోతుకి దిగి, నట్టు ఎక్కడం లేదేమని తల పట్టుకునేవాళ్లు ఈ ఒక్క మాట తెలియకే ఇబ్బంది పడతారు.

టూల్ బిగించేటప్పుడు సెంటర్ గేజ్‌ని జాబ్‌కి ఆనించి, దాని కోతలోకి టూల్‌ని తీసుకెళ్లండి. వెనక తెల్ల కాగితం పట్టుకుని చూడండి. రెండు పక్కలా వెలుతురు కనిపించకూడదు. ఒక పక్క సన్నని వెలుగు గీత కనిపిస్తే టూల్ ఆ మేర వంకరగా ఉన్నట్టే, త్రెడ్ ఒక పక్కకి వాలిపోయి వస్తుంది.

టూల్‌ని వాలుగా నడపగల కాంపౌండ్ స్లైడ్‌ని 29.5 డిగ్రీలకు తిప్పాలి. ఆ 29.5, టూల్‌ని నేరుగా జాబ్‌లోకి నడిపే క్రాస్ స్లైడ్ దిక్కు నుంచి లెక్క. కొన్ని మిషన్లలో కాంపౌండ్, మిషన్ పొడవునా ఉండే బెడ్‌కి సమాంతరంగా ఉన్నప్పుడు స్కేలు సున్నా చూపిస్తుంది. అలాంటి వాటిలో 29.5 దగ్గర ఆపితే పూర్తిగా తప్పు, అక్కడ 60.5 పెట్టాలి. అంకెని నమ్మే ముందు కంటితో చూడండి: కాంపౌండ్ హ్యాండిల్ మీవైపు ఉండి, కొంచెం టెయిల్ స్టాక్ వైపు వాలి ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఇంత శ్రమ ఎందుకంటే, టూల్‌ని నేరుగా లోపలికి నెట్టితే రెండు అంచులూ ఒకేసారి కోస్తాయి, రెండు చిప్స్ మధ్యలో ఢీకొని ఇరుక్కుంటాయి, లోహం చిరుగుతుంది. వాలుగా నెట్టితే ఎడమ అంచు మాత్రమే కోస్తుంది, చిప్ సాఫీగా చుట్టుకుంటూ పక్కకు పోతుంది. మరి 30 కాకుండా 29.5 ఎందుకు? ఆ అర డిగ్రీ వల్ల కుడి అంచు కూడా గోడని సన్నగా గీకుతూ మెట్లు పడకుండా శుభ్రం చేస్తుంది.

వాలుగా వెళ్తున్నాం కాబట్టి 1.07 లోతుకి కాంపౌండ్ డయల్ మీద 1.07ని 0.87తో (29.5 డిగ్రీల కొసైన్) భాగించి, 1.23 నడపాలి. క్రాస్ స్లైడ్ డయల్ వ్యాసం చూపిస్తుందా, లోతు చూపిస్తుందా అన్నది మీ మిషన్ మీద ముందే తేల్చుకోండి.

స్పీడు మొదట్లో 80 ఆర్‌పీఎం చాలు. 80 చుట్లకి 1.75 చొప్పున నిమిషానికి 140 మిల్లీమీటర్లు, అంటే 5 మిల్లీమీటర్ల గాడిలో మీకు రెండు సెకన్ల టైము దొరుకుతుంది. అదే 200 దగ్గర నడిపితే సెకను కూడా దొరకదు. పైగా మోటార్ ఆపినా చక్ వెంటనే ఆగదు. మొదటిసారి టూల్‌ని జాబ్‌కి దూరంగా ఉంచి, గాలిలోనే రెండు మూడు సార్లు పోనిచ్చి, ఆపే చోటు చేతికి అలవాటు చేసుకోండి.

తర్వాత టూల్‌ని జాబ్‌కి తాకించి, క్రాస్ స్లైడ్ డయల్, కాంపౌండ్ డయల్ రెండూ సున్నా చేయండి. టూల్‌ని కొస దాటించి కుడివైపు 6 మిల్లీమీటర్ల అవతల నిలబెట్టండి. గేర్లలోనూ, క్యారేజీని లీడ్ స్క్రూకి కలిపే హాఫ్ నట్‌లోనూ ఉన్న ప్లే (వదులు) అంతా టూల్ జాబ్‌ని ముట్టేలోపే తీరిపోవాలి. మొదటి పాసు గీత మాత్రమే, 0.05 చాలు. మిషన్ ఆపి స్కేలు పెట్టి చూడండి: పది పిచ్‌లు 17.5 మిల్లీమీటర్లు రావాలి. గేరు తప్పు వేసి ఉంటే ఇక్కడే దొరికిపోతుంది, జాబ్ ఇంకా చెడలేదు.

ఇక అసలు వరస. టూల్ గాడిలోకి రాగానే మిషన్ ఆపి, ముందు క్రాస్ స్లైడ్ వెనక్కి తీయాలి, ఆ తర్వాతే రివర్స్. ఈ క్రమం తలకిందులైతే ప్లే వల్ల టూల్ గాడి మధ్యన కాకుండా గోడకి ఆనుకుని వెనక్కి వస్తుంది, ముక్కు పగులుతుంది. మొదటికి వచ్చాక క్రాస్ స్లైడ్ మళ్లీ సున్నాకి, కాంపౌండ్ కొంచెం ముందుకి, నూనె, మళ్లీ పాసు.

ఇదంతా జరుగుతున్నప్పుడు హాఫ్ నట్ తెరవకూడదు. ఎందుకో లెక్క వేసి చూడండి. లీడ్ స్క్రూ 6 మిల్లీమీటర్లది, పిచ్ 1.5 అయితే 6లో అది సరిగ్గా నాలుగు సార్లు పోతుంది, నట్ ఎక్కడ మూసినా టూల్ పాత గాడిలోనే పడుతుంది. 1, 2, 3 పిచ్‌లకూ అంతే. కానీ 1.75 పిచ్ 24 సార్లు వేస్తే 42, 6ని 7 సార్లు వేస్తే 42. అంటే క్యారేజీ 42 మిల్లీమీటర్లు జరిగిన చోట మాత్రమే రెండూ మళ్లీ కలుస్తాయి. మధ్యలో ఎక్కడ మూసినా టూల్ రెండు గాడుల నడుమ ఉన్న త్రెడ్‌ని కోసేస్తుంది, దాన్ని బాగుచేసే దారి లేదు. ఇంచీ లీడ్ స్క్రూ మీద మెట్రిక్ త్రెడ్ కోస్తుంటే పని పూర్తయ్యేదాకా నట్ మీద చెయ్యే వేయకండి.

ఒక్కో పాసుకి ఎంత లోతు ఇవ్వాలి? ప్రతిసారీ అంతే ఇస్తే చివరికి టూల్ విరుగుతుంది, ఎందుకంటే లోపలికి వెళ్లేకొద్దీ అంచు కోసే పొడవు పెరుగుతుంది. భారం సమానంగా ఉండాలంటే లోతు పాసుల వర్గమూలాన్ని బట్టి పెరగాలి. ఆ తొలి గీతను వదిలి 16 పాసులు అనుకుంటే మొదటి పాసుకే మొత్తంలో పావు వంతు, నాలుగో పాసుకి సగం, తొమ్మిదో పాసుకి ముప్పావు, పదహారో పాసుకి పూర్తి. కాంపౌండ్ డయల్ మీద అవి 0.31, 0.62, 0.92, 1.23. చివరి పాసులు 0.04 కంటే ఎక్కువ ఉండవు. 1.10 దాటాక డయల్‌ని పక్కన పెట్టి కొలవడం మొదలుపెట్టండి.

ఆ కొలత మూడు తీగలతో చేస్తారు. సరిగ్గా 1 మిల్లీమీటరు వ్యాసమున్న మూడు పిన్నులు తీసుకోండి. రెండింటిని పక్కపక్క గాడుల్లో ఒకవైపు, ఒకదాన్ని ఎదురువైపు గాడిలో, గ్రీజు అంటించి నిలబెట్టి, మైక్రోమీటర్‌తో వాటి పైనుంచి కొలవండి. ఎం 12, 6జి టాలరెన్స్‌కి 12.164 నుంచి 12.313 మధ్య రావాలి. పిన్నులని కూడా ముందు కొలుచుకోవాలి, పిన్ను 0.01 తేడాగా ఉంటే రీడింగ్‌లో 0.03 తేడా వస్తుంది. ఉదాహరణకి 12.34 వచ్చిందనుకోండి, 12.26 కావాలి. తీయాల్సింది 0.08, లోతులో సగం 0.04, కాంపౌండ్ మీద దాదాపు 0.046. ఆ ఆఖరి కోత ఇచ్చాక డయల్ కదపకుండా అదే సెట్టింగ్‌లో ఇంకో రెండు పాసులు పోనివ్వండి. ఒత్తిడికి వంగిన జాబూ టూలూ తిరిగి సర్దుకుంటూ వదిలేసిన సన్నని పొర అప్పుడు వస్తుంది. ఒక్కోసారి ఆ ఖాళీ పాసుల్లోనే నట్టు కూర్చుంటుంది, తొందరపడి ఇంకా లోతు ఇచ్చినవాళ్లకి వదులు త్రెడ్ మిగులుతుంది.

మధ్యలో టూల్ మొద్దుబారితే కంగారు పడకండి. సానపట్టి, మళ్లీ గేజ్‌తో సరిచూసి బిగించండి. టూల్‌ని జాబ్‌కి ఎడంగా ఉంచి, మిషన్‌ని ముందుకే నడిపి, త్రెడ్ మధ్యన ఆపండి. రివర్స్‌లో ఆపితే ప్లే అవతలి పక్కన ఉంటుంది, కుదరదు. ఆగాక కాంపౌండ్‌నీ క్రాస్ స్లైడ్‌నీ కలిపి తిప్పుతూ ముక్కుని పాత గాడి అడుక్కి తీసుకెళ్లండి, రెండు పక్కలా సమానంగా కూర్చుందో లేదో భూతద్దంతో చూసి, అక్కడ క్రాస్ స్లైడ్ డయల్ సున్నా చేసుకోండి.

జాబ్ తిరుగుతుండగా త్రెడ్ దగ్గరికి గుడ్డ గానీ కాటన్ వేస్ట్ గానీ తీసుకెళ్లొద్దు, గ్లోవ్స్ వద్దు. గాడి గుడ్డ పోగుని పట్టుకుంటే చెయ్యి కూడా దాని వెంటే పోతుంది. చిప్స్ తీయడానికి, నూనె పూయడానికి బ్రష్, అదీ మిషన్ ఆపాకే. కొత్త త్రెడ్ మీది బర్ బ్లేడులా ఉంటుంది, వేలితో తడిమి చూడొద్దు. సన్న ఆకురాయితో తల మీద తేలిగ్గా పోనిచ్చాకే నట్టు ఎక్కించండి.

లోపలి త్రెడ్ గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను. అప్పటికి ఒక ముక్కకి 10.2 మిల్లీమీటర్ల బోరు వేసి ఉంచండి. ఈ బోల్టుకి నట్టు మనమే చేద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య